ఐపీ నోటీసు వచ్చాక ఈ-కోర్ట్స్ యాప్: అప్పిచ్చినవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

నల్లగొండ, పాలమూరు వైపు "ఫలానా ఆసామి ఐపీ పెట్టిండు" అన్న మాట చెవిన పడగానే చాలామంది ఆ బాకీ మీద ఆశ వదిలేసుకుంటారు. కోర్టు నోటీసు వచ్చినా బీరువాలో పెట్టి ఊరుకుంటారు. పైసలు నిజంగా పోయేది అక్కడే. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ (ఐపీ, అంటే దివాలా పిటిషన్) వేయడం వేరు, కోర్టు అతన్ని దివాలాదారుగా ప్రకటించడం వేరు. ఈ రెంటి మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. ఆ మధ్యకాలంలో కేసు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్ ఉంది. ఉచితం, ప్రభుత్వానిది, లాగిన్ అక్కర్లేదు. వాయిదా తేదీల వరకు మంచి పనిముట్టు. మీ హక్కును కాపాడే పని మాత్రం దానితో కాదు, దానికి కోర్టు మెట్లెక్కాల్సిందే. ఐదుకు మూడున్నర ఇస్తాం.

కేసు దొరికించుకోవడంతో మొదలుపెడదాం. నోటీసు మీద 16 అక్షరాలు, అంకెలు కలిసిన సీఎన్‌ఆర్ నంబర్ (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక సంఖ్య) ఉంటే పని సులువు. అది కొట్టగానే కేసు వస్తుంది. నోటీసు అందకపోతే, ఊళ్లో మాటే తప్ప కాగితం లేకపోతే, పార్టీ పేరుతో వెతకాలి: రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం, సంవత్సరం, పేరు. మీ పేరుతో కాకుండా అప్పు తీసుకున్నవాడి పేరుతో వెతకండి. ఐపీలో పిటిషనర్ అతనే. మీరు ఏ పదిహేడో ప్రతివాదో అయి ఉంటారు.

పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి, చిక్కంతా అక్కడే. వెంకటేశ్వర్లు, లక్ష్మయ్య లాంటి పేర్లకు కోర్టు క్లర్కు ఏ స్పెల్లింగ్ రాశాడో ఎవరూ చెప్పలేరు. అందుకని పూర్తి పేరు కొట్టకుండా మొదటి మూడు నాలుగు అక్షరాలే ఇచ్చి, వచ్చిన జాబితాలో ఐపీ అని ఉన్న కేసులు చూసుకోవాలి. ఇంటిపేరు ముందు రాశారా వెనక రాశారా అన్నదీ తేడా చేస్తుంది, రెండు రకాలుగానూ ప్రయత్నించాలి. పెండింగ్, డిస్పోజ్డ్ (ముగిసినవి) రెండూ చూడాలి, ఎందుకంటే పాత ఐపీ ఒకటి కొట్టేశాక మళ్లీ కొత్తది వేసేవాళ్లుంటారు.

ఏ కోర్టులో వెతకాలి? ఆ ఆసామి మామూలుగా ఉండే ఊరు, లేదా వ్యాపారం చేసే ఊరు ఏ కోర్టు పరిధిలోకి వస్తే అక్కడ. సాధారణంగా ఇవి సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో నడుస్తాయి. 2022 జూన్ 2న తెలంగాణలో 33 జ్యుడీషియల్ జిల్లాలు ఏర్పడ్డాయి కనుక, పాత ఉమ్మడి జిల్లా పేరుతో వెతికి దొరకలేదని ఆగిపోవద్దు. సూర్యాపేట, భువనగిరి కేసుల కోసం నల్లగొండ కింద మాత్రమే వెతికినా, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, నారాయణపేట కేసుల కోసం మహబూబ్‌నగర్ కింద మాత్రమే వెతికినా "రికార్డు లేదు" అని రావచ్చు. అది చూసి ఐపీ వట్టి పుకారు అనుకుంటే మోసపోయినట్టే.

అప్పు తీసుకున్నది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఈ యాప్‌లో వెతకడమే దండగ. కంపెనీల దివాలా 2016 నాటి దివాలా కోడ్ కింద హైదరాబాద్‌లోని ఎన్‌సీఎల్‌టీ (జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్) బెంచ్‌లో నడుస్తుంది, దాని వెబ్‌సైట్ వేరు. అక్కడ తాత్కాలిక రిజల్యూషన్ ప్రొఫెషనల్ (దివాలా కంపెనీ వ్యవహారాలు చూసే వ్యక్తి) నియమితుడైన నాటి నుంచి 14 రోజుల్లో క్లెయిమ్ వేయాలని ప్రకటన వస్తుంది. సరుకు ఇచ్చినవాళ్లది ఫారం బి. ఏకవ్యక్తి వ్యాపారాలు, భాగస్వామ్య సంస్థలు మాత్రం ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందే ఉన్నాయి. కొత్త కోడ్‌లో వ్యక్తుల దివాలా భాగం, కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్ల విషయంలో తప్ప, అమల్లోకి రాలేదు. మిర్యాలగూడలో మిల్లుకు వడ్లు పోసినవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే: ఆ మిల్లు కంపెనీయా, పార్ట్‌నర్‌షిప్పా? బిల్లు పుస్తకం మీద ఉన్న పేరు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

కేసు తెరిచాక మీద కనిపించే "నెక్స్ట్ హియరింగ్ డేట్" చూసి మూసేయడం అందరికీ ఉన్న అలవాటు. అసలు విషయం కింద కేస్ హిస్టరీలో ఉంటుంది. ప్రతి వాయిదా తేదీ మీద నొక్కితే ఆ రోజు జరిగింది రెండు మూడు ముక్కల్లో వస్తుంది. "నోటీస్ టు ఆర్7 అన్‌సర్వ్‌డ్, స్టెప్స్" అంటే ఏడో ప్రతివాదికి నోటీసు అందలేదు, పిటిషనర్ మళ్లీ చిరునామా ఇచ్చి ఖర్చులు కట్టాలి. "పేపర్ పబ్లికేషన్" అని కనిపిస్తే ఇక నోటీసు ఇంటికి రాదు, ఏదో పత్రికలో మూలన ఒక ప్రకటన వేస్తారు, దాంతో మీకు తెలిసినట్టే లెక్క. ఐపీలో అప్పులవాళ్ల (అప్పిచ్చినవాళ్ల) చిరునామాలు తప్పుగా ఇవ్వడం తరచూ జరిగేదే కాబట్టి ఈ ముక్క కనబడ్డ రోజే కదలాలి.

"కాల్డ్ ఆబ్సెంట్, సెట్ ఎక్స్‌పార్టీ" అన్నది అన్నింటికన్నా ప్రమాదం. ఆ పక్కన మీ ప్రతివాది నంబర్ ఉందంటే మీరు లేకుండానే విచారణ సాగుతుంది. విచారణ ముగియకముందే అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 7 కింద, రాకపోవడానికి కారణం చెప్పి, ఎక్స్‌పార్టీ ఉత్తర్వు తీసేయమని అడగొచ్చు. కౌంటర్‌ను (పిటిషన్‌కు మీ రాతపూర్వక జవాబును) ఆ దరఖాస్తుతోపాటే సిద్ధంగా ఉంచుకోవాలి, మళ్లీ వాయిదా అడిగితే కోర్టుకు చిరాకు. స్టేజ్ "ఎంక్వైరీ" దగ్గరుంటే ఇంకా చేతిలో పని ఉంది. "ఆర్డర్స్"కు వచ్చిందంటే ఆ వారమే వకీలును కలవాలి.

యాప్ చూపించని పెద్ద విషయం పిటిషన్ లోపలి సరుకు. ఐపీ పిటిషన్‌తోపాటు రెండు జాబితాలుంటాయి, ఒకటి అప్పులది, ఒకటి ఆస్తులది. కేసు మొత్తం ఈ రెండింటి మీదే నడుస్తుంది, యాప్‌లో ఇవి కనబడవు. వకీలు ద్వారా కాపీ దరఖాస్తు పెట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. అప్పుల జాబితాలో మీ మొత్తం సరిగ్గా ఉందా, లేక 5 లక్షల నోటును 2 లక్షలని రాశాడా చూడండి. తర్వాత మిగతా పేర్లు చూడండి. బావమరిది పేరున, చిన్నాయన కొడుకు పేరున పెద్ద పెద్ద నోట్లు కనబడితే అనుమానించాల్సిందే. పంపకంలో సెక్యూరిటీ లేని అప్పులన్నింటికీ దామాషా ప్రకారం వస్తుంది కాబట్టి, దొంగ అప్పు ఎంత పెరిగితే మీ వాటా అంత తగ్గుతుంది. తప్పుగా చేరిన అప్పును తీసేయించే వీలు ఆ 1920 చట్టం సెక్షన్ 50లో ఉంది (ఇక మీదట చెప్పే సెక్షన్లన్నీ ఆ చట్టంలోవే).

ఆస్తుల జాబితాలో సాధారణంగా కనిపించేవి ఇంటి సామాను, ఓ పాత బండి. ఇల్లు, భూమి ఏమయ్యాయో మీరే వెతకాలి. ఇంటి స్థలానికి రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయాలి, సాగుభూమికి ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతిలో చూడాలి. పిటిషన్ వేసిన తేదీకి ముందు రెండేళ్లలో ఆస్తిని భార్యకో కొడుక్కో గిఫ్ట్ డీడ్ చేసి ఉంటే సెక్షన్ 53 కింద దాన్ని రద్దు చేయించవచ్చు. నిజాయితీగా, తగిన సొమ్ము ఇచ్చి కొన్నవాడి జోలికి మాత్రం ఈ సెక్షన్ పోదు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక్క అప్పులవాడికే మేలు చేయాలన్న ఉద్దేశంతో చెల్లించినా, రాసిచ్చినా అది సెక్షన్ 54 కిందికి వస్తుంది. దివాలా ఉత్తర్వు వచ్చాక రిసీవర్ (దివాలా ఆస్తిని చూసేందుకు కోర్టు నియమించే వ్యక్తి) ఈ రద్దు పిటిషన్ వేయాలి. ఆయన కదలకపోతే కోర్టు అనుమతితో అప్పులవాడే వేయవచ్చని సెక్షన్ 54ఎ చెబుతుంది. ఈసీ మీద కనిపించే ఒక్క తేదీ కేసు దిశనే మార్చేయగలదు, అందుకే కౌంటర్ రాయించకముందే అది చేతిలో ఉండాలి.

యాప్‌లో ఐపీ "పెండింగ్" అని కనబడుతోంది కాబట్టి మనం దావా వేయకూడదేమో అనుకుని ఆగేవాళ్లు చాలామంది. ఇది తప్పు. దావాకు కోర్టు అనుమతి కావాలన్న సెక్షన్ 28 నిబంధన దివాలాదారుగా ప్రకటించాకే వర్తిస్తుంది. అప్పటిదాకా ప్రామిసరీ నోటుకు మూడేళ్ల గడువు నడుస్తూనే ఉంటుంది. ఐపీ పెండింగ్‌లో ఉన్న రోజులు దానిలోంచి తీసేయరు. కాబట్టి నోటు వెనక చివరి చెల్లు ఎప్పుడు రాశారో చూసుకుని, మూడేళ్లు నిండకముందే దావా వేయాలి. ఆస్తి చేతులు మారుతుందన్న భయానికి ఆధారముంటే, దావాతోపాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 38 రూల్ 5 కింద తీర్పుకు ముందే అటాచ్‌మెంట్ (జప్తు) అడగాలి. అటాచ్‌మెంట్ దొరికినంత మాత్రాన మీరు తనఖా ఉన్నవాళ్లతో సమానం కారు. డిక్రీ అమల్లో ఆస్తి అమ్మినా, ఐపీని కోర్టు విచారణకు తీసుకునే (అడ్మిట్ చేసే) లోపు చేతికొచ్చిన సొమ్ముకే సెక్షన్ 51 రక్షణ ఇస్తుంది. అయినా ఆస్తి జారిపోకుండా ఆపినందుకు అటాచ్‌మెంట్ విలువ దానికుంది.

చెక్కు ఉంటే దాని లెక్క వేరు. బౌన్స్ మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక 15 రోజుల గడువు, ఆపైన నెలలోపు ఫిర్యాదు. అది క్రిమినల్ కేసు, ఐపీ వేసినంత మాత్రాన ఆగదు. జామీను సంతకం ఉన్నవాడి మీదా దావా వేసుకోవచ్చు. అసలు అప్పుదారుకు చివరికి డిశ్చార్జ్ (అప్పుల నుంచి విముక్తి) వచ్చినా జామీనుదారుకు విముక్తి లేదని సెక్షన్ 44లోనే రాసి ఉంది.

యాప్‌లో లోపాలు కొన్ని ఉన్నాయి. "మై కేసెస్"లో కేసు దాచుకుంటే దానంతట అది కొత్త తేదీ తెచ్చుకుంటుందని నమ్మొద్దు, రిఫ్రెష్ నొక్కాలి. వాయిదా జరిగిన రోజు సాయంత్రానికి కొన్ని కోర్టుల్లో వివరాలు ఎక్కుతాయి, కొన్నింటిలో ఆలస్యమవుతుంది. జడ్జి సెలవులో ఉంటే తేదీ మారిన సంగతి కోర్టు హాలు బయట కాజ్ లిస్ట్‌లోనే (ఆ రోజు కేసుల జాబితాలోనే) ముందు తెలుస్తుంది. దాచుకున్న కేసులు ఫోన్‌లోనే ఉంటాయి, ఫోన్ మార్చేముందు ఎక్స్‌పోర్ట్ చేసుకోకపోతే పోతాయి. ఉత్తర్వు కాపీ యాప్‌లో దొరికినా, అప్పీలుకు అది చాలదు, సర్టిఫైడ్ కాపీ కావాలి.

ఉత్తర్వు వచ్చి కేసు "డిస్పోజ్డ్" అని పడగానే యాప్ తీసేసేవాళ్లున్నారు. ఐపీలో అప్పులవాడి అసలు పని అప్పుడే మొదలవుతుంది. "అలౌడ్" అని ఉంటే, అంటే కోర్టు అతన్ని దివాలాదారుగా ప్రకటిస్తే, ఆస్తి రిసీవర్ చేతికి పోతుంది. మీ అప్పును సెక్షన్ 49 ప్రకారం అఫిడవిట్‌తో రుజువు చేయాలి. ఖాతా లెక్క, నోటు, బిల్లులు, ఏ కాగితాల మీద ఆధారపడుతున్నారో అన్నీ అందులో రావాలి, రిజిస్టర్ పోస్టులో పంపినా చెల్లుతుంది. పిటిషన్‌లో పేరు ఉంది కదా అని ఊరుకుంటే పంపకపు జాబితాలోకి ఎక్కరు. ఆలస్యమైనా డిశ్చార్జ్ కాకముందు వరకు అడిగే వీలుంది, కానీ అప్పటికే పంచేసిన డబ్బు వెనక్కి రాదు.

ఉత్తర్వులోనే డిశ్చార్జ్‌కు దరఖాస్తు చేసుకోవడానికి ఇంత గడువు అని ఉంటుంది. ఆ తేదీని ఫోన్ క్యాలెండర్‌లో రాసుకోండి. గడువులోగా అతను దరఖాస్తు చేయకపోతే సెక్షన్ 43 కింద దివాలా ఉత్తర్వు రద్దవడానికి దారి ఉంది, రద్దయితే మీ దావా హక్కు మళ్లీ లేస్తుంది. రుజువు చేసిన అప్పు విషయంలో ఉత్తర్వు నుంచి రద్దు దాకా గడిచిన కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయాలని సెక్షన్ 78 చెబుతుంది. దరఖాస్తు చేస్తే మాత్రం వాయిదాకు వెళ్లి అభ్యంతరం చెప్పాలి. ఖాతా పుస్తకాలు సరిగా రాయకపోవడం, ఆస్తి విలువ అప్పుల్లో రూపాయికి ఎనిమిది అణాలకు కూడా చాలకపోవడం, పూర్తి డిశ్చార్జ్ నిరాకరించడానికి సెక్షన్ 42లో ఉన్న కారణాల్లో కొన్ని. ఈ దశ కొత్త దరఖాస్తుగా నమోదవుతుంది కాబట్టి పాత కేసు కింద ఐఏల (మధ్యంతర దరఖాస్తుల) జాబితా తెరిచి చూడాలి, పై పేజీలో కనబడదు.