రెండేళ్ల సౌర స్వేదనం: నా తగవంతా గారతోనే

తొట్టిలా వంగిన అద్దం, దాని నాభి వెంట, అంటే వెలుగంతా వచ్చి కూడే చోట, నల్లపూత గొట్టం, అందులో మరిగే ఉప్పనీరు. ఎండ వేడితో ఉప్పనీటిని మంచినీరు చేసే, మా డాబా మీదున్న యంత్రానికి ఇంతకు మించి వర్ణన అక్కరలేదు. ఆవిరి పైకి వస్తుంది, ఉప్పు కిందే ఉండిపోతుందని అందరికీ తెలుసు. ఆ ఉండిపోయిన ఉప్పు ఏమవుతుందో మాత్రం నాకు అమ్మినవాళ్లు చెప్పలేదు.

మొదటి ఏడాది ఇంటికొచ్చిన ప్రతివారికీ గ్లాసుతో నీళ్లిచ్చి మరీ గొప్పలు చెప్పుకున్నాను. బోరు నీటి టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల లెక్క, 1,900, సీసాలో పడినదానిది 8. చదరపు మీటరున్నర అద్దానికి రోజుకు ఐదు లీటర్లు. లీటరు నీరు ఆవిరి కావడానికే కరెంటు లెక్కలో 0.6 యూనిట్లకు పైగా వేడి కావాలి కాబట్టి అది తక్కువేమీ కాదు.

రెండో వేసవి మొదట్లో ఐదు కాస్తా మూడున్నర అయింది. దుమ్మే కారణమనుకుని రోజూ పొద్దున్నే అద్దం తుడిచాను. సూర్యుడు నాలుగు నిమిషాలకో డిగ్రీ జరుగుతాడు, తిప్పే మోటారు వెనకబడిందేమోనని వెలుగు చారను చూస్తూ గంటల కొద్దీ కూర్చున్నాను. చార గొట్టం మీదే ఉంది, మోటారు నిక్షేపంగా ఉంది. అలా మూడు వారాలు వృథా. ఒక మధ్యాహ్నం గొట్టంలో టక్‌టక్‌మని చప్పుడు, ఆ వెంటనే చివరి వాషరు పక్కనుంచి బుస్సుమని ఆవిరి. ఆ పూట సీసాలోని నీటిలో టీడీఎస్ మీటరు ముంచితే 640 చూపించింది. నోట్లో పోసుకుంటే ఎప్పటి చప్పదనం లేదు, లీలగా ఉప్పు తగిలింది.

గొట్టం విప్పితే దొంగ దొరికాడు. లోగోడంతా పళ్లకు పట్టినట్టు బూడిదరంగు గార, చిటికెన వేలు కూడా దూరనంత మందంగా. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోస్తే బుసబుస పొంగి సగం కరిగింది. మిగతా సగం రాయిలా అలాగే ఉంది. కరిగింది కాల్షియం కార్బొనేటు, కరగనిది కాల్షియం సల్ఫేటు. మామూలు ఉప్పులు వేడినీటిలో ఎక్కువ కరుగుతాయి. ఈ సల్ఫేటుది ఎదురు గుణం, నీరు వేడెక్కేకొద్దీ బయటపడుతుంది. అంటే అద్దం ఎక్కడ వేడిని గుమ్మరిస్తుందో సరిగ్గా అక్కడే పేరుకుంటుంది. పొర మందమైతే గోడ కాలుతుంది గానీ నీటికి వేడి అందదు. ఇరుకైన సందులో నీరు ఎగిసిపడి ఉప్పు తుంపరలు ఆవిరితో పాటే కొట్టుకొస్తాయి. ఇనుప చువ్వతో రెండు సాయంత్రాలు గీకాను.

తప్పులో నా వాటా కూడా ఉంది. ఆశకొద్దీ గొట్టం దాదాపు ఎండేదాకా మరగనిచ్చేవాడిని. ఇప్పుడు ఐదు లీటర్లు తీస్తే మరో ఐదు లీటర్ల చిక్కటి ఉప్పునీరు ప్రతి సాయంత్రం వదిలేస్తున్నాను. అది మొక్కలకు పోయలేను, పారబోయడానికి చోటు వెతుక్కోవడం ఇంకో తలనొప్పి. నెలకోసారి నిమ్మ ఉప్పు స్నానం. గార పూర్తిగా ఆగలేదు గానీ చువ్వ అవసరం పడలేదు.

1872లో చిలీలోని లాస్ సాలినాస్ గనుల దగ్గర గాజు పలకలు కప్పిన వెడల్పాటి తొట్లలో రోజుకు 20 వేల లీటర్లకు పైగా మంచినీరు తీశారు. వేడిని కూడగట్టే అద్దం లేదు, సూర్యుడి వెంట తిరిగే మోటారు లేదు. గొట్టం గీకుతున్నప్పుడు వాళ్లే గుర్తొచ్చారు.

అన్నట్టు, ఆ ఐదు లీటర్లు నీలాకాశం ఉన్న రోజుల మాట. పలచటి మబ్బు పట్టినా, బయట కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుతురున్నా, అద్దం పట్టేది నేరుగా వచ్చే కిరణాలనే. ఏడాది సగటు మూడు లీటర్లు దాటలేదు. మొదట పడే గ్లాసెడు నీళ్లు కూడా పారబోస్తాను, నీటికంటే ముందే ఆవిరయ్యే వాసనలేవైనా ఉంటే అందులోనే వస్తాయి.

మేమిద్దరమే, తాగడానికి, వంటకు చాలు. నాకు సాయంత్రాలు తీరిక. పిల్లలున్న ఇంటికి, ఉద్యోగాలకు పరుగులు తీసేవారికి ఇదే సలహా ఇస్తానా అంటే తటపటాయిస్తాను. కొనదలిస్తే మాత్రం అద్దం మెరుపు తర్వాత చూడండి, ముందు గొట్టం చివర మూత చేత్తో విప్పడానికి వస్తుందేమో చూడండి. నాది రెండు పానాలు వేస్తే తప్ప కదలదు.