వశిష్ట అవతల పండుగప్ప చెరువులు: గాలం వేసేవారికి ఒక మంచి చోటు

నరసాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ట గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగితే, అంతర్వేది వైపు కొబ్బరితోటల మధ్యగా సాగే దారి నుంచి చీలిన ఒక మట్టిబాట మడచెట్ల అంచున ఉన్న ఉప్పునీటి చెరువుల దగ్గర ఆగిపోతుంది. టైగర్ రొయ్యల జోరులో, 1990ల మొదట్లో తవ్విన చెరువులివి. 1994–95లో తెల్లమచ్చ వ్యాధి కోస్తా అంతటా రొయ్యల రైతులను దెబ్బతీశాక చాలాకాలం బీడుపడి ఉన్న ఈ చెరువుల్లో ఒక రైతు కుటుంబం ఇప్పుడు పండుగప్ప (సీబాస్) చేపను పెంచుతూ, గాలం సరదా ఉన్నవారిని రోజు లెక్కన రానిస్తోంది. మనిషికి 1500 రూపాయలు. ఎర, మధ్యాహ్న భోజనం, చెరువులో తిరగడానికి తాటిదోనె అందులోనే. నేనూ నా మిత్రుడూ కలిసి వెళ్లివచ్చాం.

ఈ చోటును నేను మెచ్చుకోవడానికి అసలు కారణం వేళ విషయంలో ఆ రైతు చూపే నిజాయితీ. మేము ఫోన్‌లో చెప్పిన తేదీ అష్టమి నాడు పడుతుందని, ఆ రోజు పోటుకు బలం ఉండదని, పౌర్ణమి మర్నాడు వస్తే మంచిదని ఆయనే చెప్పారు. వచ్చే డబ్బును కాదనుకుని ఇలా చెప్పేవారు అరుదు. ఆయన మాటలో ఎంత పని ఉందో అక్కడికి వెళ్లాక తెలిసింది. పక్కనున్న ఉప్పుకాలువకు, చెరువుకు మధ్య ఒక తూము ఉంది. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో కలిసి పోటు పెరిగినప్పుడు కాలువ మట్టం చెరువు మట్టాన్ని మించుతుంది, అప్పుడు తూము పలక ఎత్తితే కొత్తనీరు, దానితోపాటు అడ్డు వల సందుల్లోంచి చిన్న రొయ్యలు, చేపపిల్లలు లోపలికి వస్తాయి. ఆ మేత కోసం పండుగప్పలు ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి తూము ముందు చేరతాయి. మిగతా వేళల్లో అవి లోతులో కదలకుండా పడి ఉంటాయి. భోజనం కాగానే గాలం విసరబోయిన మమ్మల్ని ఆయన ఆపి, “పోటు ఎక్కనివ్వండి బాబూ, ఇప్పుడు ఎన్నిసార్లు విసిరినా చెయ్యి నొప్పే మిగులుతుందండి” అన్నారు. మూడు దాటాక కాలువలో నీరు తిరిగింది. నాలుగున్నర ప్రాంతంలో పలక లేపారు. అంతవరకు అద్దంలా ఉన్న నీరు తూము ముందు సుడులు తిరగడం మొదలైన కాసేపటికే మొదటి చేప పట్టింది.

పండుగప్ప ఎరను కొరకదు. నోరు పెద్దగా తెరిచి నీటితో సహా ఒక్కసారిగా లోపలికి లాగుతుంది, అప్పుడు నీటి మీద ‘టప్’మని ఒక బరువైన చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్న వెంటనే కర్ర ఎత్తితే ఎర ఊడివస్తుంది. తంగూసు (గాలపు దారం) బిగిసి చేతికి బరువు తెలిసేదాకా ఓర్చుకోవాలి. ఆ తర్వాత అది నీటిపైకి ఎగిరి తల విదిలిస్తుంది. దాని మొప్పల మీది రేకు అంచు బ్లేడులా ఉంటుంది కనుక సన్నని తంగూసు ఆ విదిలింపులోనే తెగిపోతుంది. అందుకే ముల్లుకు పైన మూరెడు పొడవున మందపు తంగూసు కట్టుకోవాలని, చేపను పట్టేటప్పుడు మొప్పల జోలికి పోకుండా కింది పెదవి దగ్గర బొటనవేలితో పట్టుకోవాలని రైతు కొడుకు ఎంతో ఓపికగా చూపించాడు. బతికున్న రొయ్యను తోక దగ్గర ముల్లుకు గుచ్చే పద్ధతి కూడా అతనే నేర్పాడు.

నా మిత్రుడు హిమాచల్‌లోని తీర్థన్ నదిలో ట్రౌట్ పట్టినవాడు. చల్లని, ఆక్సిజన్ నిండిన పారే నీరు లేనిదే ట్రౌట్ బతకదు, మన డెల్టా వేడికి దానిని ఊహించలేం. అయినా ప్రవాహానికి ఎదురుగా నిలిచి కొట్టుకువచ్చే మేత కోసం కాచుకోవడంలో రెండూ ఒక తీరువేనని, అక్కడ రాళ్ల మధ్య సుడులను చదివిన కన్ను ఇక్కడ తూము ముందు కూడా పనికివచ్చిందని అతను అన్నాడు. మా ఫిర్యాదు కూడా అతని అనుభవం నుంచే పుట్టింది. రెండు కిలోలు దాటిన చేపను తిరిగి వదిలేయాలని ఇక్కడ నియమం ఉంది, చాలా మంచి నియమం. అంత ఎదిగిన చేప మళ్లీ మళ్లీ గాలానికి బలంగా పోరాడి వచ్చినవారందరికీ ఆనందం ఇస్తుంది. కానీ చేపను ఎత్తడానికి వాడే చేతివల ముడులున్న గరుకు నైలాన్‌ది. అది జిగురును, పొలుసులను ఒలిచేస్తుంది, అలా ఒలిచినచోట పుండు పడుతుంది. ఆ పైన ఫొటోల కోసం చేపను ఎండకు కాలిన గట్టు మీద పడుకోబెట్టారు. వదిలాక ఆ చేప బతకాలన్న శ్రద్ధ నియమంలో ఉన్నంతగా ఆచరణలో లేదు. ముడులు లేని మెత్తని వల, తడిపిన గోనెపట్ట ఉంటే చాలు. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. మేము చెప్పినప్పుడు ఆ రైతు శ్రద్ధగా విన్నారు.

భోజనం బాగుంది. పండుగప్ప ఇగురులో నూనె కొంచెం తగ్గించాలి, చారు మాత్రం వంక పెట్టనక్కరలేనిది. అక్కడ ఇచ్చే రీళ్లు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఇరుసు దగ్గర గరగరలాడుతున్నాయి, సొంతవి తీసుకెళ్లడం మేలు. గట్టు మీద నీడ ఒక్క తాటాకు పాక కిందే. దోనెలో లైఫ్ జాకెట్లు లేవు, ఈత రానివారు గట్టు మీది నుంచే వేయాలి. ఈ లోటును ఆ కుటుంబం వెంటనే సరిచేసుకోవాలి.

జూలై నుంచి సెప్టెంబరు వరకు వెళ్లకండి. వరదకాలంలో కాలువలోకి ఎర్రనీరు వస్తుంది, పంటు కూడా ఆగిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పౌర్ణమి, అమావాస్యల చుట్టూ ఉన్న రోజుల్లో ముందుగా ఫోన్ చేసి, ఆయన చెప్పిన రోజుకే సరే అనండి. పోటు వేళ సాయంత్రం పడితే చీకటయ్యేదాకా చేప పడుతూనే ఉంటుంది కనుక, చివరి పంటు అందకపోతే దిండి–చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాల్సి ఉంటుంది, బండిలో పెట్రోలు చూసుకుని బయలుదేరండి.