ఈసీఆర్ కోటల దారి: ముందు ఆలంపరై, తర్వాతే మిగతావి

చెన్నై నుంచి పుదుచ్చేరి వైపు సాగే తీర రహదారి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద కోటలు చూడబోయేవాళ్లు చాలామంది మహాబలిపురంలోనే పొద్దు పుచ్చేసి, ఎండ నడినెత్తికెక్కాక ఆలంపరై చేరతారు. అక్కడ నిలువ నీడ ఉండదు. అందుకే వరుస తిప్పండి. తెల్లవారుజామున ఐదున్నరకల్లా చెన్నై దక్షిణ కొసనున్న తిరువాన్మియూర్ దాటితే, సుమారు వంద కిలోమీటర్ల అవతలున్న ఆలంపరైకి ఎనిమిదింటికి చేరతారు. తిరుగుదారిలో సద్రాస్, రాత్రికి మహాబలిపురం.

ఆలంపరై ఆర్కాటు నవాబుల కాలపు ఇటుక కోట. 1750లో ఫ్రెంచివాళ్ల చేతికొచ్చింది. 1760లో ఇంగ్లిషువాళ్లు పట్టుకుని పగలగొట్టారు. 2004 సునామీ మిగిలినదాన్నీ దెబ్బతీసింది. గోడ తెగిన చోట దగ్గరికెళ్లి చూడండి. సన్నటి ఇటుకలు, మధ్యలో సున్నం. ఉప్పు గాలిలోని తడి ఇటుకలోకి దిగి, ఆరినప్పుడు ఉప్పు లోపలే గడ్డకట్టి పొరలు పొరలుగా రాల్చేస్తుంది. అలాంటి గోడ మీద ఫోటో కోసం ఎక్కడం ప్రమాదం, పైగా ఉన్న కాస్తా కూలుతుంది. దయచేసి పిల్లల్ని ఎక్కనివ్వకండి.

కోట పక్క ఉప్పుటేరులో పడవలు తిప్పుతారు. ఎక్కకముందే బేరం తేల్చుకోండి: మనిషికా, పడవకా, రానూపోనూ కలిపా? లైఫ్ జాకెట్ లేకపోతే ఎక్కొద్దు. నీళ్లు, టిఫిను, బాత్రూము అన్నీ దగ్గరి ఊరైన కడపాక్కంలోనే చూసుకోవాలి. బస్సులో వచ్చేవాళ్లు ఈసీఆర్ మీదుగా వెళ్లే పుదుచ్చేరి బస్సెక్కి కడపాక్కంలో దిగి ఆటో మాట్లాడుకోవాలి. ఆటోను కోట దగ్గరే ఆగమనండి, తిరిగి రావడానికి అక్కడ వేరే బండి దొరకడం కష్టం.

సద్రాస్ అసలు పేరు సదురంగపట్టినం. కల్పాక్కం పక్కనే ఉన్న డచ్చివాళ్ల కోట. అణు విద్యుత్ కేంద్రం దగ్గర కాబట్టి డ్రోన్ మాటే ఎత్తొద్దు. లోపలి సమాధుల ఆవరణకు తాళం ఉంటే కాపలాదారుని అడగండి. పలకల మీద చెక్కిన అక్షరాలు, వంశ చిహ్నాలు ఏటవాలు వెలుతురులోనే తేలతాయి. మిట్టమధ్యాహ్నం ఉత్త రాయిలా కనిపిస్తాయి, కాబట్టి పదింటిలోపు గానీ, నాలుగు దాటాక గానీ వెళ్లండి. సుద్ద పూసి చదవాలని చూడొద్దు. ఈ తీరానికెదురుగానే 1782 ఫిబ్రవరిలో ఇంగ్లిషు, ఫ్రెంచి నౌకలు తలపడ్డాయి.

బసకు మహాబలిపురమే మేలు. ఒత్తవాడై వీధి లాడ్జిలు తీరం గుడికి నడక దూరం, ఖర్చు తక్కువ. గది చూశాకే డబ్బివ్వండి. వారాంతాల్లో అక్కడ కారు పెట్టుకోవడం గగనం. పిల్లాపాపలతో వెళ్లేవాళ్లకు తమిళనాడు పర్యాటక సంస్థ రిసార్టులో విశాలమైన జాగా ఉంటుంది. తీరం గుడి టికెట్టుతోనే పంచరథాలూ చూడొచ్చు, పారేయకండి.

మర్నాడు పొద్దున్నే మహాబలిపురం దగ్గర్లోని సాళువన్‌కుప్పం. అందరూ పులిగుహ దగ్గర ఫోటోలు దిగి వెనక్కి మళ్లుతారు. మురుగన్ గుడి దాకా నడవండి, ఈ యాత్ర మొత్తంలో వదులుకోకూడని చోటు అదే. సునామీ ఇసుకను కోసేయడంతో శాసనాలు బయటపడితే, 2005లో పురావస్తు శాఖ అక్కడ తవ్వింది. పల్లవుల నాటి గుడి కింద అంతకన్నా పాత ఇటుక గుడి ఉంది. రాయి ఎక్కడ మొదలైందో, ఇటుక ఎక్కడ ఆగిందో పునాది దగ్గర కళ్లారా చూడొచ్చు.

సెయింట్ జార్జి కోటను చెన్నైలో ఉన్నప్పుడు చూడండి. 1639లో ఆ తీరాన్ని ఇంగ్లిషువాళ్లకిచ్చింది దామర్ల వెంకటాద్రి నాయకుడు, మన తెలుగువాడే. లోపల సచివాలయం ఉంది కాబట్టి గుర్తింపు కార్డు కావాలి, తనిఖీలుంటాయి. మ్యూజియానికి శుక్రవారం సెలవు.

పులికాట్ చెన్నైకి ఉత్తర దిక్కున ఉంది, దానికి వేరే రోజు పెట్టుకోండి. 1613 నాటి డచ్చివాళ్ల గెల్డ్రియా కోట కోసం వెళ్తే నిరాశే, పొదలు తప్ప చూడ్డానికి ఏమీ మిగల్లేదు. డచ్చి సమాధుల కోసం వెళ్లండి, ద్వారం దగ్గర చెక్కిన అస్థిపంజరాలు చెక్కుచెదరలేదు.