నాలుగేళ్లు వాడిన నా తొలి విల్లు: 66 అంగుళాలు, 24 పౌండ్లు

మా అబ్బాయిని విజయవాడలో విలువిద్య క్లాసులో చేర్పించి, మూడు నెలలు గట్టు మీద కూర్చుని చూసి, నాలుగో నెలలో నేనూ ఒక విల్లు కొనుక్కున్నాను. అప్పటికి నాకు 36 ఏళ్లు. మధ్యలో పట్టుకునే భాగం, అంటే రైజరు, చెక్కది. దానికి పైనా కిందా వంగే భాగాలు లింబ్‌లు. ఊడదీసి సంచిలో సర్దుకునే రికర్వ్, అంటే కొనలు ముందుకు వంగిన విల్లు. దాంతోపాటు ఎనిమిది అల్యూమినియం బాణాలు, బాణం ఆనించే ప్లాస్టిక్ రెస్టు, గురి చూసే చిన్న సైటు, వేళ్లకు తొడుక్కునే తోలు ట్యాబు, ముంజేతికి కట్టుకునే ఆర్మ్ గార్డు, నారి ఎక్కించే స్ట్రింగరు. మొత్తం 14,000 రూపాయలైంది. వారానికి నాలుగు ఉదయాలు, ఉదయానికి అరవై బాణాలు. మధ్యలో జ్వరాలు, పెళ్లిళ్లు, వానలు తీసేసినా ఈ విల్లు నుంచి నలభై వేల బాణాల పైనే వెళ్లి ఉంటాయి.

విల్లు మంచిదే. దాంతో వచ్చిన నారి, రెస్టు మాత్రం ఏడాది కూడా ఆగలేదు. బాణాలు ఇచ్చిన డబ్బుకి న్యాయం చేశాయి. కానీ కొత్తగా కొనేవాళ్లకి ఇంతకంటే ఎక్కువ చెప్పాలి. ఈ నాలుగేళ్లలో నాకు డబ్బు పోయినా, చెయ్యి కమిలినా, భుజం పట్టేసినా, దాదాపు ప్రతిసారీ విల్లు మీదో పెట్టె మీదో ఉన్న ఒక మాటను నేను తప్పుగా అర్థం చేసుకోవడమే కారణం. మైదానంలో అందరూ రైజరు, లింబ్, స్ట్రింగ్ అనే అంటారు. మన భాషలో నారి, పింజ, వింటికొప్పు, అంబులపొది అని ఎప్పటినుంచో ఉన్నాయి. ఏ మాట వాడినా పరవాలేదు, దాని వెనక ఉన్న కొలత తెలియాలి.

మొదటి మాట ‘రైట్ హ్యాండ్ విల్లు’. కుడిచేత్తో పట్టుకునే విల్లు అనుకుంటారు చాలామంది. విల్లు ఎడమచేతిలో ఉంటుంది, కుడిచేయి నారిని లాగుతుంది. ఏ చేతి విల్లు కొనాలన్నది కన్నును బట్టి తేల్చుకోవాలి. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దూరంగా ఉన్న గడియారాన్ని ఆ సందులోంచి చూడండి. ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే గడియారం మాయమవుతుందో ఆ కన్నే మీకు గురి చూసే కన్ను. రెండు చేతులా వేయగల అర్జునుణ్ని సవ్యసాచి అని ప్రత్యేకంగా పిలుచుకున్నామంటే, మామూలు వాళ్లు ఒక వైపు తేల్చుకోక తప్పదనే కదా.

ఇక లింబ్ మీద అంకెలు. నా దాని మీద 66, 24, 28 అని మూడు ఉన్నాయి. 66 అంగుళాల పొడవు, లాగడానికి 24 పౌండ్ల బరువు అని అర్థమైంది. 28ని పట్టించుకోలేదు. రెండో వారం మా కోచ్ గారు బీరువా వెనక నుంచి సామాన్లు తూచే కొక్కెం త్రాసు తెచ్చారు. నారి మధ్యలో కొక్కెం తగిలించి, నేను ఎంతవరకు లాగుతానో సరిగ్గా అంతవరకే లాగారు. ముల్లు 9 కిలోల దగ్గర, అంటే సుమారు 20 పౌండ్ల దగ్గర ఆగింది.

“ఎంతమ్మా మీ విల్లు?”

“24 పౌండ్లండీ.”

“మీ చేతిలో 20. ఆ 24 ఎవరిదో తెలుసా? 28 అంగుళాలు లాగేవాళ్లది. మీరు 26 దగ్గర ఆగుతున్నారు. అంగుళానికి రెండు పౌండ్లు తగ్గుతాయి.”

ఆ రోజు నుంచి ఎవరైనా ‘నాది 30 పౌండ్ల విల్లు’ అంటే ‘ఎన్ని అంగుళాలకి?’ అని అడగడం అలవాటైంది. పొడుగాటి మనిషి చేతిలో అదే లింబ్ ఇంకా బరువవుతుంది. కొనేముందు మీ డ్రా లెంగ్త్, అంటే మీరు నారిని లాగే దూరం కొలిపించుకోండి. 26 నుంచి 28 అంగుళాలు లాగేవాళ్లకి 66 అంగుళాల విల్లు సరిపోతుంది. అంతకు మించితే 68 తీసుకోవాలి.

నాకు ఎక్కువ పాఠం నేర్పింది నారి. విల్లుతో వచ్చింది డాక్రాన్ అనే దారంతో చేసిన నారి. చెక్క రైజరుకి అదే క్షేమం, ఎందుకంటే కాస్త సాగి దెబ్బను మింగుతుంది. సాగని దారాలతో చేసిన నారి వేస్తే ఆ దెబ్బంతా లింబ్ కొనల మీద పడుతుంది. పది నెలలకి మధ్యలో చుట్టిన సర్వింగ్ దారం వదులై, బాణం సంధించే చోట నాకింగ్ పాయింట్ కిందికీ పైకీ జారడం మొదలైంది. కొత్త నారి ఆన్‌లైన్‌లో తెప్పించాను. ‘66’ అని ఆర్డరు పెట్టాను, 66 అనే వచ్చింది. స్ట్రింగరుతో ఎక్కించి చూస్తే విల్లు బద్దకంగా, సగం వంగినట్టు ఉంది. పట్టు లోతు నుంచి నారి దాకా ఉండే ఎడాన్ని బ్రేస్ హైట్ అంటారు. నా విల్లుకి అది 8¼ నుంచి 8½ అంగుళాలు ఉండాలి. కొలిస్తే అయిదు!

నారిని మెలితిప్పితే పొట్టి అవుతుంది, ఎడం పెరుగుతుంది. నేను తిప్పాను. ఇరవై మెలికలు, నలభై మెలికలు, ఆ తర్వాత లెక్క తప్పింది. నారి తాడులా ముడుచుకుంటోంది గానీ ఎడం ఆరు దాటలేదు. మొండిగా అలాగే వేశాను. మూడో బాణానికి ముంజేయి లోపలివైపు కొరడాతో కొట్టినట్టయింది. సాయంత్రానికి అరచేయంత మేర వంకాయ రంగు కమిలింది, పది రోజులుంది. ఎడం తక్కువైతే నారి చేతికి మరీ దగ్గరగా వచ్చి ఆగుతుంది, అందుకే ఆ దెబ్బ. అసలు విషయం ఏమిటంటే, 66 అనేది విల్లు కొలత. దానికి పట్టే నారి అసలు పొడవు సుమారు 63 అంగుళాలు. కొందరు అమ్మకందార్లు విల్లు కొలతతో అమ్ముతారు, కొందరు నారి కొలతతో. ఏ 66 అని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. వాపసు తీసుకోమంటే ‘మీరు అడిగిందే పంపాం’ అన్నారు. అడిగిన మనిషి కొత్త అని తెలిసీ ఒక్క ముక్క వివరించకపోవడం నాకిప్పటికీ బాధే.

ఆ దెబ్బకి సగం కారణం నా మోచెయ్యి కూడా. విల్లు పట్టిన చేతి మోచేయి కొన నేలను చూస్తే మోచేయి లోపలివైపు నారికి అడ్డొస్తుంది. దాన్ని కాస్త బయటికి తిప్పాలి. గుమ్మానికి అరచెయ్యి ఆనించి, చెయ్యి కదలకుండా మోచేయి ఒక్కటే తిప్పడం సాధన చేయమన్నారు కోచ్ గారు. వంటింటి గుమ్మం దగ్గర వారం చేశాను. తర్వాత దెబ్బలు బాగా తగ్గాయి, ఆర్మ్ గార్డు మాత్రం ఒక్కరోజూ మానలేదు. నారి దెబ్బ తగలకుండా కట్టుకునే ఈ పట్టీకి అమరకోశంలోనే ‘గోధ’ అని పేరుంది. ఎంత పాత నొప్పో!

బాణాల విషయానికొస్తే, నా అల్యూమినియం కాడల మీద 1716 అని ఉంది. అది మోడల్ నంబరు అనుకున్నాను, నిజానికి కొలతే. 17 అంటే కాడ మందం అంగుళంలో 64వ వంతులు పదిహేడు, 16 అంటే గొట్టం గోడ మందం అంగుళంలో వెయ్యో వంతులు పదహారు. అల్యూమినియం వంగుతుంది. ప్రతి ఆదివారం బాణాన్ని గోటి మీద నిలిపి తిప్పి చూస్తాను, వణికితే పక్కన పెడతాను. ఎనిమిదిలో ఇప్పటికి మూడే తిన్నగా ఉన్నాయి. పింజ, అంటే బాణం తోక దగ్గర రంగు వేరుగా ఉన్న రెక్క ఒకటి ఉంటుంది, అది రైజరుకి అవతలివైపు ఉండాలి. లేకపోతే మిగతా రెక్కలు రెస్టుకి కొట్టుకుంటాయి.

రెండో ఏడు కార్బన్ బాణాలు ఆరు కొన్నాను, స్పైన్ 500వి. స్పైన్ అంటే కాడ ఎంత వంగుతుందో చెప్పే అంకె. 28 అంగుళాల ఎడంతో రెండు ఆధారాల మీద కాడను పడుకోబెట్టి మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే, అర అంగుళం కుంగితే అది 500, అంగుళం కుంగితే 1000. అంకె పెరిగేకొద్దీ కాడ మెత్తన. నేను తలకిందులుగా అనుకున్నాను, చిన్న విల్లుకి చిన్న అంకె అని. ఆ ఆరూ నా విల్లుకి మరీ బిరుసు. ఎంత జాగ్రత్తగా వేసినా గుంపుగా ఎడమకే పోయేవి. కుడిచేత్తో లాగేవాళ్లకి బిరుసు బాణం ఎడమకి పోతుందని తర్వాత తెలిసింది. అవి ఇప్పుడు మా అబ్బాయి స్నేహితుడి అంబులపొదిలో ఉన్నాయి. అతని విల్లుకి చక్కగా కుదిరాయి. కార్బన్ వాడేవాళ్లు ప్రతి బాణాన్నీ వేసేముందు చెవి దగ్గర పెట్టి కాస్త వంచి వినండి. చిటపట వినిపిస్తే ఆ బాణం మళ్లీ నారికి ఎక్కకూడదు. చీలిన కార్బన్ చేతిలో గుచ్చుకుంటే బయటికి తీయడం చాలా కష్టం.

వేసే పద్ధతిలో మాటలు చాలా ఉన్నాయి. స్టాన్స్ అంటే నిలబడే తీరు, హుక్ అంటే వేళ్లు నారికి తగిలించే తీరు. చూపుడు వేలు బాణానికి పైన, తర్వాతి రెండు వేళ్లు కింద. ఇవి నెలలో వచ్చేస్తాయి. ఏళ్లు తీసుకునేది యాంకర్, అంటే లాగిన చెయ్యి ముఖం దగ్గర ఆగే చోటు. మనం విన్న కథల్లో వీరులందరూ ఆకర్ణాంతం, అంటే చెవిదాకా లాగుతారు. నేనూ మొదట్లో చెవివైపే లాగాను. ఇప్పటి రికర్వ్‌లో చెయ్యి దవడ ఎముక కిందికి వచ్చి ఆగాలి, నారి గడ్డం మధ్య నుంచి ముక్కు కొనకి తాకాలి. “ముక్కుకి తగిలిందా అమ్మా?” అన్న ప్రశ్న నేను వేల సార్లు విని ఉంటాను. ప్రతిసారీ అదే చోట ఆగితేనే ప్రతి బాణమూ ఒకే బలంతో వెళుతుంది. యాంకర్ అర అంగుళం ముందుకు జరిగినా ఒక పౌండు తగ్గినట్టే, 30 మీటర్ల దగ్గర ఆ పౌండు కిందికి పడిన బాణమై కనిపిస్తుంది.

వదలడాన్ని రిలీజ్ అంటారు. వేళ్లు తెరవాలని ప్రయత్నిస్తే నారి పక్కకి జరిగిపోతుంది. వీపు బిగువు మీద లాగుతూనే వేళ్లని మెత్తబరిస్తే, నారి తనంతట తాను జారిపోతుంది, చెయ్యి మెడ పక్కగా వెనక్కి వెళుతుంది. ఇది నాకు మొదటిసారి సరిగ్గా కుదిరిన ఉదయం ఇంకా గుర్తుంది. చప్పుడే మారిపోయింది. ‘టప్’ అనేది ‘తుమ్’ అంది. కృష్ణ మీది గాలి ఇంకా మొదలుకాని వేళ, బాణం తిన్నగా లక్ష్యం నడిమి పసుపులోకి వెళ్లి కూర్చుంది.

సైటు గురించి ఒక్క మాట. బాణాలు ఎటు వెళితే సైటుని అటే జరపాలి, ఎడమకి పోతుంటే ఎడమకి. అదీ మూడు నాలుగు ఎండ్‌లు, అంటే విడతలు, ఒకే చోట గుంపు పడ్డాకే. బాణాలు చెదురుతున్నప్పుడు సైటు మరలు తిప్పితే గందరగోళం పెరుగుతుంది. మైదానంలో ఈలల అర్థం మొదటిరోజే పిల్లలకి నేర్పండి: రెండు ఊదితే గీత దగ్గరికి రావాలి, ఒకటి ఊదితే వేయాలి, మూడు ఊదితేనే బాణాలు తెచ్చుకోవడానికి వెళ్లాలి. అయిదు వినిపిస్తే ఉన్నది ఉన్నట్టు ఆపేయాలి. బాణం లేకుండా నారి లాగి వదలడం మాత్రం ఎప్పుడూ చేయనివ్వకండి. బాణం మోసుకుపోవాల్సిన బలమంతా లింబ్‌ల మీదే పడి విల్లు విరగొచ్చు.

నేను చేసిన పెద్ద తప్పులు రెండూ లింబ్‌లవే. ఏడాది నిండగానే 20 పౌండ్లు చిన్నతనంగా తోచి, ఒక్కసారే 34 పౌండ్ల లింబ్‌లు కొన్నాను. నా చేతిలో 30. వేయగలిగాను, కానీ భుజం పైకెత్తి, నడుం వెనక్కి వంచి. రెండు నెలల్లో కుడి భుజం పట్టేసింది. ఆరు వారాలు విల్లు ముట్టలేదు. మళ్లీ పాత 24కి వచ్చి, తర్వాత 28కి వెళ్లాను. ఒకసారికి రెండు, మహా అయితే నాలుగు పౌండ్లే పెంచాలి. పసుపు మీద నిలకడగా గుంపు కట్టాకే పెంచాలి.

రెండోది మే నెల ఎండ. నారి దించకుండా విల్లుని కారు వెనక సీట్లో పెట్టి మధ్యాహ్నమంతా వదిలేశాను. మన ఎండలో మూసిన కారు పొయ్యి. కింది లింబ్ మెలి తిరిగింది. విల్లు వెనక నుంచి చూస్తే నారి లింబ్‌ని సరిగ్గా మధ్యగా కోసినట్టు కనిపించాలి, నాది ఒక అంచుకి పోయింది. దాన్ని మళ్లీ తిన్నగా చేయలేకపోయాం. ఆ జత పక్కన పెట్టి మరో 28 జత కొన్నాను. ఇప్పుడు పని అవగానే నారి దించడం, చెప్పులు విప్పినంత అలవాటైంది.

చెక్క రైజరుకి ఒక పరిమితి ఉంది. దీని లింబ్‌లు దీనికే పడతాయి. పిల్లలు పోటీలదాకా వెళతారనిపిస్తే, వేర్వేరు కంపెనీల లింబ్‌లు పట్టే ఐఎల్ఎఫ్ అమరిక ఉన్న లోహపు రైజరు కొనడం మేలు. ధర ఎక్కువైనా లింబ్‌లు ఒక్కటే మార్చుకుంటూ ఏళ్లు నడుస్తుంది. మా ఊళ్లో తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న మాత్రం ‘కాంపౌండ్ కొననా?’ అని. వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచాక ఆ ప్రశ్న ఇంకా పెరిగింది. కాంపౌండ్ అంటే కప్పీలున్న విల్లు. చివరిదాకా లాగాక బరువు బాగా తగ్గుతుంది, పోటీ దూరం 50 మీటర్లు. రికర్వ్‌కి 70. మన బొమ్మదేవర ధీరజ్ పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది రికర్వ్‌తోనే. 2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ కూడా చేరుతోంది. రెండూ గొప్పవే. నా సలహా అడిగితే, మొదటి ఏడాది ఇలాంటి తేలికపాటి రికర్వ్‌తోనే వేళ్లు, వీపు, యాంకర్ నేర్పించండి.

రెస్టు మూడుసార్లు మార్చాను, వంద రూపాయల్లోపు వస్తువు, రెండు అదనంగా దగ్గర ఉంచుకోండి. తోలు ట్యాబు ఇప్పుడు నా వేళ్ల ఆకారానికి తిరిగింది, దాన్ని మార్చాలని లేదు. నారి మైనం నెలకోసారి. నాలుగో నారి పోయిన వారం ఆర్డరు పెట్టాను: డాక్రాన్, కొన నుంచి కొనకి అసలు పొడవు 63 అంగుళాలు, విల్లు పొడవు 66. రెండు అంకెలూ రాసి, ఫోన్ చేసి చదివి వినిపించాను.