సర్టిఫైడ్ నర్స్ మిడ్‌వైఫ్‌గా చేరడానికి ఏది మేలు: ఆసుపత్రి జట్టా, డాక్టర్ల గ్రూపా, బర్త్ సెంటరా?

అమెరికాలో నర్స్ మిడ్‌వైఫరీ చదువు ముగించిన వారికి సాధారణంగా మూడు రకాల ఉద్యోగాలు ఎదురవుతాయి: పెద్ద ఆసుపత్రిలోని మిడ్‌వైఫ్‌ల విభాగం, ప్రసూతి వైద్యులు నడిపే ప్రైవేట్ గ్రూపు, ఆసుపత్రికి బయట ఉండే బర్త్ సెంటర్. వీటిని పోల్చేటప్పుడు ఎక్కువ మంది జీతం ఎంత, వారానికి ఎన్ని రాత్రులు అన్న రెండు ప్రశ్నలతోనే ఆగిపోతుంటారు. అవి చిన్న ప్రశ్నలు కావు. అయితే కాన్పు దారి తప్పుతున్నదని మిడ్‌వైఫ్‌కు తోచిన క్షణంలో ఆమె ఫోన్ ఎవరు ఎత్తుతారు, ఎత్తినవారు ఆమె మాటను ఎంత నమ్ముతారు అన్నది వాటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న అని నా గట్టి నమ్మకం. ఈ పోలికంతా ఆ ప్రశ్న చుట్టూనే సాగుతుంది.

ముందుగా ఈ వృత్తి స్వరూపం గురించి కొంత చెప్పాలి. తెలుగులో ‘మంత్రసాని’ అనగానే అనుభవంతోనే విద్య నేర్చి, ఊరందరికీ పురుళ్లు పోసిన పెద్దావిడ గుర్తుకు వస్తుంది. ఆ మాట మీద నాకు గౌరవమే గాని, ఈ ఉద్యోగానికి అది సరిపోదు. సర్టిఫైడ్ నర్స్ మిడ్‌వైఫ్ అంటే రిజిస్టర్డ్ నర్సుగా అర్హత పొంది, ఆపైన పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్థాయిలో మిడ్‌వైఫరీ చదివి, అమెరికన్ మిడ్‌వైఫరీ సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలో ఉత్తీర్ణురాలైన వ్యక్తి. యాభై రాష్ట్రాలలోనూ ఈ వృత్తికి లైసెన్సు ఉంది, మందులు రాసే అధికారమూ ఉంది. కాన్పు చేయించడం ఆమె పనిలో ఒక భాగం మాత్రమే. గర్భిణుల పరీక్షలు, బాలింత సంరక్షణ, కుటుంబ నియంత్రణ, ముట్లుడిగే వయసు సమస్యలు కూడా ఆమె చూస్తుంది.

వైద్యులతో కలిసి పనిచేయడం ఈ వృత్తికి కొత్తగా అంటించిన నియమం కాదు. 1925లో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ కెంటకీ కొండ ప్రాంతంలో స్థాపించిన సంస్థే తర్వాత ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్‌గా పేరు పొందింది. అక్కడి నర్స్ మిడ్‌వైఫ్‌లు గుర్రాల మీద వాగులు దాటి ఇళ్లకు వెళ్లి కాన్పులు చేయించారు. డాక్టరు చేరలేని చోట పనిచేసినా, వైద్యుల సంఘం ఆమోదించి రాసిచ్చిన నియమావళి వారి చేతిలో ఉండేది. ఏది తాము చూసుకోవచ్చో, ఎప్పుడు కబురు పంపాలో అందులో ముందే తేల్చి ఉండేది. నేటి జట్టు పనికి కూడా అదే పునాది. 2011లో ప్రసూతి వైద్యుల జాతీయ సంస్థ, నర్స్ మిడ్‌వైఫ్‌ల జాతీయ సంస్థ కలిసి విడుదల చేసిన ఉమ్మడి ప్రకటన ఇరుపక్షాలనూ తమ తమ లైసెన్సు, తమ తమ బాధ్యత గల స్వతంత్ర నిపుణులుగా గుర్తించి, రోగి అవసరాన్ని బట్టి కలిసి పనిచేయాలని స్పష్టం చేసింది.

ఆ కలయికకు మూడు మెట్లున్నాయి. మొదటిది సంప్రదింపు: మిడ్‌వైఫ్ సలహా అడుగుతుంది, సంరక్షణ మాత్రం ఆమె చేతిలోనే ఉంటుంది. రెండవది ఉమ్మడి సంరక్షణ: గర్భధారణ మధుమేహానికి ఇన్సులిన్ అవసరమైన స్త్రీ విషయంలో మోతాదు డాక్టరు చూస్తే, మిగతా పరీక్షలు, కాన్పు మిడ్‌వైఫ్ చూస్తుంది. మూడవది అప్పగింత: మాయ గర్భాశయ ముఖద్వారాన్ని మూసి ఉన్నప్పుడు సిజేరియన్ తప్ప దారి లేదు కనుక బాధ్యత వైద్యుడికి మారుతుంది. జట్టు మంచిదా కాదా అనేది ఈ మూడింటిలో ఏది ఎప్పుడో అందరికీ ఒకేలా తెలిసి ఉండటం మీద ఆధారపడుతుంది. సలహా అడిగిన ప్రతిసారీ రోగినే లాక్కునే చోట మిడ్‌వైఫ్‌లు క్రమంగా సలహా అడగడమే మానేస్తారు, ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు ఆసుపత్రి జట్టును తీసుకుందాం. నర్స్ మిడ్‌వైఫ్‌లు చేయించే కాన్పులలో అత్యధిక భాగం ఆసుపత్రులలోనే జరుగుతాయి కాబట్టి ఉద్యోగాలూ అక్కడే ఎక్కువ. ఈ ఏర్పాటు బలం ఏమిటో నాకు ఒక రాత్రి కళ్లకు కట్టింది. తెల్లవారుజామున మూడు కావస్తోంది. నాలుగో కాన్పు. బిడ్డ క్షేమం, మాయ కూడా పూర్తిగా పడిపోయింది. కానీ పొట్ట మీద చేయి వేస్తే గట్టి బంతిలా తగలవలసిన గర్భసంచి పిండిముద్దలా మెత్తగా ఉంది. నేను మర్దన చేస్తుండగా నర్సు గర్భసంచిని బిగింపజేసే ఆక్సిటోసిన్ మందు వేగం పెంచింది, మరో నర్సు తడిసిన గుడ్డలను తూకం వేసి ఒక గ్రాముకు ఒక మిల్లీలీటరు చొప్పున పోయిన రక్తాన్ని గట్టిగా చదువుతోంది. అదే పని చేసే మందులు ఇంకా ఉన్నాయి. ఆ తల్లికి రక్తపోటు ఎక్కువ, కనుక వాటిలో మిథర్‌జిన్ ఇవ్వకూడదు. ఆస్తమా లేదు, కనుక కార్బోప్రోస్ట్ ఇవ్వవచ్చు. లెక్క ఏడు వందలు దాటగానే డ్యూటీ డాక్టరుకు కబురు పంపాను. ఆమె ఆ అంతస్తులోనే ఉంది, నిమిషంలో వచ్చింది. వచ్చి నన్ను పక్కకు తప్పుకోమనలేదు, “నేను ఏం చేయాలో చెప్పు” అని అడిగింది. రక్తస్రావాన్ని అదుపుచేసే ట్రానెక్సామిక్ యాసిడ్ ఎక్కిస్తున్నామని, రక్తం సిద్ధం చేయించమని, లోపల ముక్కలేమైనా మిగిలాయేమో తనను చూడమని చెప్పాను. వెయ్యి మిల్లీలీటర్లు చేరేలోపు స్రావం ఆగింది. ఆ తల్లి తెల్లారేసరికి బిడ్డకు పాలిస్తోంది, నేను ఆమె పక్కనే ఉన్నాను.

ఆ రాత్రిని నడిపింది మందులు మాత్రమే కాదు. నర్సు, అనస్థీషియా నిపుణురాలు, రక్తనిధి, డాక్టరు అందరూ ఒకే కప్పు కింద ఉండటం, వారిలో ప్రతి ఒక్కరికీ మిగతావారి పని తెలిసి ఉండటం దానికి కారణం. కొత్తగా చేరినవారికి ఇంతకు మించిన బడి లేదు. భుజం ఇరుక్కున్న బిడ్డను బయటకు తీయడం, గుండె చప్పుడు గీతలో ఏది ఆందోళనకరమో పసిగట్టడం వంటివి అనుభవజ్ఞుల పక్కన నిలబడి పదేపదే చూస్తేనే చేతికి వస్తాయి. రెసిడెంట్ డాక్టర్లు ఉన్న బోధనాసుపత్రి అయితే, వారికి మామూలు కాన్పును ఓపికగా కనిపెట్టుకుని ఉండటం నేర్పే అవకాశం మిడ్‌వైఫ్‌కే దక్కుతుంది.

లోటు కూడా చిన్నది కాదు. పన్నెండు గంటల షిఫ్టులో మిడ్‌వైఫ్ చేతికి వచ్చే స్త్రీ చాలాసార్లు ఆమె అంతకుముందు ఎన్నడూ చూడని స్త్రీ. తొమ్మిది నెలలు పరీక్షించినామె కాన్పు నాటికి డ్యూటీలో ఉండదు. 2016లో కోక్రేన్ అనే వైద్య పరిశోధనా సంస్థ వెలువరించిన సమీక్ష పదిహేను పరిశోధనలలోని 17,674 మంది స్త్రీల వివరాలను కలిపి చూసినప్పుడు, మొదటి నుంచీ చివరి వరకూ మిడ్‌వైఫ్‌ల ఆధ్వర్యంలో కొనసాగే సంరక్షణ పొందినవారిలో ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మత్తు), పరికరాలతో చేసిన కాన్పు తక్కువగా ఉన్నాయని తేలింది. షిఫ్టుల ఆసుపత్రిలో మొదట తెగిపోయేది ఆ కొనసాగింపే. పైగా వంద కాన్పులలో సుమారు ముప్పై రెండు సిజేరియన్‌గా ముగిసే దేశంలో, పడకలు ఖాళీ కావాలన్న ఒత్తిడి నడుమ ‘ఇంకో రెండు గంటలు ఆగుదాం’ అని చెప్పి నిలబడటానికి గుండె ధైర్యం కావాలి.

డాక్టర్ల ప్రైవేట్ గ్రూపు పైకి ఆసుపత్రి, బర్త్ సెంటర్ అనే రెండు లోకాలకూ మధ్యేమార్గంలా కనిపిస్తుంది. డాక్టర్లు కొద్దిమందే కనుక ఒకరి తీరు ఒకరికి తెలుస్తుంది. సిజేరియన్ అవసరమైతే చేసేది కూడా ఆ తల్లి క్లినిక్‌లో ముందే చూసిన ముఖమే, ఈ మేలును తక్కువ చేసి చెప్పలేను. అయినా మూడింటిలో నేను దీనినే చివర ఉంచుతాను. కారణం డబ్బు నడిచే దారిలో ఉంది. చాలా గ్రూపులలో మిడ్‌వైఫ్ ఉద్యోగి, డాక్టరు యజమాని. మిడ్‌వైఫ్ చూసిన రోగికి డాక్టరు పేరు మీద బిల్లు వేసే అలవాటు కొన్ని చోట్ల ఇంకా ఉంది. ఒకప్పుడు దీనికి ఆర్థిక కారణం ఉండేది. ఎందుకంటే ప్రధానంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ నర్స్ మిడ్‌వైఫ్‌కు డాక్టరు ఫీజులో 65 శాతమే చెల్లించేది. 2011 జనవరి నుంచి ఒకే పనికి ఇద్దరికీ ఒకే ఫీజు చెల్లిస్తోంది. కానీ ప్రైవేట్ బీమా సంస్థలన్నీ ఆ దారిలోకి రాలేదు కనుక అలవాటు పోలేదు. ఫలితంగా మిడ్‌వైఫ్ చేసిన పని ఆమె పేరున ఎక్కడా కనిపించదు, జీతం పెంచమని అడిగే రోజున చూపించడానికి అంకెలు ఉండవు. మిడ్‌వైఫ్ క్లినిక్‌లో పరీక్షలు మాత్రమే చేస్తూ, కాన్పులన్నీ డాక్టర్లకే వెళ్లే గ్రూపులూ ఉన్నాయి. అక్కడ రెండేళ్లు గడిపితే నేర్చుకున్న చేతి విద్య మొద్దుబారుతుంది. కాన్పులు ఎవరివి, బిల్లు ఎవరి పేరున, ఏ స్థితిలో అప్పగింత అన్న మూడు సంగతులూ ఒప్పందంలో రాసి ఇచ్చే గ్రూపు దొరికితే నా అభ్యంతరం చాలావరకు తొలగిపోతుంది.

బర్త్ సెంటర్ విషయం వేరు. అక్కడికి వచ్చేది తక్కువ ప్రమాదం ఉన్న స్త్రీలే: ఒకే బిడ్డ, తల కిందికి ఉండాలి, నెలలు నిండి ఉండాలి. ఎపిడ్యూరల్ ఉండదు, శస్త్రచికిత్స ఉండదు. ఆక్సిటోసిన్, సెలైన్, ఆక్సిజన్, బిడ్డకు ఊపిరి అందించే పరికరాలు సిద్ధంగా ఉంటాయి. 2007 నుంచి 2010 వరకు 79 బర్త్ సెంటర్లలో కాన్పు కావాలని నిర్ణయించుకున్న పదిహేను వేల మందికి పైగా స్త్రీల వివరాలతో 2013లో వచ్చిన అధ్యయనంలో సిజేరియన్ ఆరు శాతం మాత్రమే. ఆ స్త్రీలు తమంతట తాము అక్కడికి వచ్చినవారు, ఆరోగ్యవంతులు. కాబట్టి ఆ ఆరును దేశపు ముప్పై రెండుతో నేరుగా తూచకూడదు. అయినా అది గట్టి సంఖ్యే. మిడ్‌వైఫరీ తత్త్వం పూర్తిగా ఆచరణలో కనిపించేది ఇక్కడే. వచ్చే స్త్రీ ఎవరో, ఆమె దేనికి భయపడుతుందో, మొదటి కాన్పులో ఏం జరిగిందో మిడ్‌వైఫ్‌కు ముందే తెలుసు.

అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది, ఉద్యోగం వెతుక్కునేవారు దానినే ఎక్కువసేపు చూడాలి. నొప్పుల సమయంలో సుమారు పన్నెండు శాతం మందిని ఆసుపత్రికి మార్చారు. వారిలో ఎక్కువ మందికి కారణం అత్యవసరం కాదు, నొప్పులు ముందుకు సాగకపోవడం వంటివి. అంటే ఎనిమిది మందిలో ఒకరిని ఎవరో ఒక డాక్టరుకు అప్పగించక తప్పదు. ఆసుపత్రిలో జట్టు నడవాకు అవతల ఉంటుంది, బర్త్ సెంటర్‌లో జట్టు అంబులెన్సుకు అవతల ఉంటుంది. అవతలి డాక్టరు నెలకోసారైనా కలిసి కేసులు చర్చించే మనిషి అయితే అప్పగింత నాలుగు వాక్యాలలో ముగుస్తుంది. పరిచయమే లేకపోతే మిడ్‌వైఫ్ చేసిన పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేస్తారు, తాను తెచ్చిన స్త్రీ మంచం పక్కన మిడ్‌వైఫ్ తోడు వచ్చిన బంధువులా మిగిలిపోతుంది. దీనికి తోడు ఇరవై నాలుగు గంటల కాల్ (పిలిస్తే వెంటనే వెళ్లాల్సిన డ్యూటీ), ఆసుపత్రికంటే తక్కువగా ఉండే జీతం, అమెరికాలోని కాన్పులలో నలభై శాతానికి పైగా భరించే మెడికెయిడ్ (తక్కువ ఆదాయం గలవారి ప్రభుత్వ బీమా) నుంచి సరిపడా ఫీజు రాకపోవడం ఈ కేంద్రాలను నిరంతరం వేధిస్తాయి. ప్రభుత్వ కార్మిక గణాంకాల ప్రకారం 2023లో నర్స్ మిడ్‌వైఫ్‌ల మధ్యస్థ వార్షిక వేతనం సుమారు 1,30,000 డాలర్లు. చిన్న బర్త్ సెంటర్‌లో చేరేవారు ఆ అంకె మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

రాష్ట్ర చట్టం ఈ మూడింటినీ అడ్డంగా కోస్తుంది. న్యూయార్క్ 2010లో వైద్యుడితో లిఖిత ఒప్పందం ఉండాలన్న నిబంధనను తొలగించింది. కాలిఫోర్నియా 2020లో చేసిన చట్టం తక్కువ ప్రమాదం ఉన్న కాన్పులకు వైద్యుడి పర్యవేక్షణ అక్కరలేదన్నది. టెక్సస్‌లో మందులు రాయాలంటే నేటికీ వైద్యుడితో ఒప్పందం కావాలి. అయితే చట్టం ఇచ్చిన స్వేచ్ఛను ఆసుపత్రి సొంత నియమాలు వెనక్కి తీసుకోగలవు. పర్యవేక్షణ వద్దని రాష్ట్రం చెప్పినా, తమ లేబర్ వార్డులో కావాలని ఆసుపత్రి చెప్పవచ్చు. అందుకే చట్టంతో పాటు ఆసుపత్రి వైద్య సిబ్బంది నియమావళిని కూడా అడిగి చదవాలి. చట్టం సంతకాల అవసరాన్ని తీసేయగలదు గాని, రాత్రి నాలుగింటికి ఫోన్ ఎత్తే డాక్టరును మాత్రం తెచ్చి పెట్టలేదు.

ఇన్ని విధాలుగా తూచిన మీదట నా తీర్పు ఇది. చదువు ముగించిన మొదటి మూడేళ్లకు ఆసుపత్రి జట్టే మేలు. అయితే అక్కడ మిడ్‌వైఫ్‌లకు తమ సొంత రోగులు, తమ సొంత విభాగాధిపతి ఉండాలి, లేనిచోట చేరినవారు డాక్టర్ల పని భారం దించే చేతులుగానే మిగిలిపోతారు. చేయి తిరిగిన తర్వాత, ఆసుపత్రితో రాతపూర్వకమైన, పరిచయం గల అనుబంధం ఉన్న బర్త్ సెంటర్ అన్నిటికంటే మేలు. ఇద్దరు చిన్న పిల్లలున్నవారు, రాత్రి కాల్ మోయలేనివారు ప్రైవేట్ గ్రూపునే ఎంచుకుంటే అందులో తప్పేమీ లేదు, పైన చెప్పిన మూడు సంగతులూ రాయించుకోవాలి, అంతే.

ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఒక రాత్రి షిఫ్టు పక్కన కూర్చుని చూడటానికి అనుమతి అడగండి. మిడ్‌వైఫ్ డాక్టరును పిలిచే ఒక్క సందర్భమైనా మీ కంట పడుతుంది. డాక్టరు లోపలికి వచ్చాక ముందు ఎవరి వైపు చూశారో, పని అయ్యాక ఆ గదిలో ఎవరు మిగిలారో గమనించండి.