తక్కువ బడ్జెట్‌లో కాస్క్ స్ట్రెంగ్త్, సింగిల్ కాస్క్ విస్కీలు: చాలాకాలం వాడాక నా సమీక్ష

చేతిలోని డబ్బు ఒక్క మంచి సీసాకే సరిపోయేటప్పుడు నేను లేబుల్‌పై వయసు కన్నా ముందు ఆల్కహాల్ శాతం చూస్తాను. 40 శాతానికి పలచన చేసిన పద్దెనిమిదేళ్ల విస్కీని, పీపాలో ఉన్న బలంతోనే, అంటే కాస్క్ స్ట్రెంగ్త్‌లో, సీసాకెక్కిన పదేళ్ల విస్కీని పక్కపక్కన పెడితే రెండోదే తీసుకుంటాను. ఏళ్ల తరబడి రెండు రకాలూ తాగాక ఈ అభిప్రాయం బలపడిందే తప్ప సడలలేదు.

ముందు లెక్క చూద్దాం. 700 మిల్లీలీటర్ల సీసాలో విస్కీ 60 శాతం బలంతో ఉంటే అందులో ఆల్కహాల్ 420 మిల్లీలీటర్లు. అదే 40 శాతం సీసాలో 280 మాత్రమే. మొదటి సీసాకు మనమే 350 మిల్లీలీటర్ల నీళ్లు చేర్చుకుంటే 40 శాతం విస్కీ దాదాపు సీసాన్నర అవుతుంది. అందుకే సీసా ధరలను నేరుగా పోల్చను. ధరను ఆల్కహాల్ శాతంతో భాగించి చూస్తాను. 46 శాతం సీసా కన్నా 60 శాతం సీసా ధర 30 శాతం వరకు ఎక్కువున్నా నష్టం లేదు. పైగా కాస్క్ స్ట్రెంగ్త్ విస్కీలను సాధారణంగా చల్లబరిచి వడకట్టరు. ఆ వడపోతలో పోయే కొవ్వు ఆమ్లాల ఎస్టర్లే నాలుక మీద నూనె పూసినట్టుండే చిక్కదనాన్ని ఇస్తాయి. ఆ చిక్కదనానికి అలవాటు పడ్డవారికి 40 శాతం విస్కీ పలచగానే తోస్తుంది.

కాస్క్ స్ట్రెంగ్త్ అన్నంత మాత్రాన అది ఒకే పీపాది కాదు. డిస్టిలరీ ఎన్నో పీపాలను కలిపి, నీళ్లు చేర్చకుండా నింపినా అది కాస్క్ స్ట్రెంగ్తే. సింగిల్ కాస్క్ అంటే ఒక్క పీపాలోని సరుకు. దానికి నీళ్లు కలిపి బలం తగ్గించి అమ్మేవారూ ఉన్నారు. డబ్బు ఆచితూచి ఖర్చు పెట్టేవారికి ఈ తేడా చాలా ముఖ్యం. బ్యాచ్‌లుగా వచ్చే కాస్క్ స్ట్రెంగ్త్ విస్కీలో పీపాల లోటుపాట్లు ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి. సింగిల్ కాస్క్‌లో ఆ సర్దుబాటు ఉండదు. పీపా గొప్పదైతే విస్కీ గొప్పది, పీపా పలుమార్లు వాడి అలసిపోయినదైతే విస్కీ కూడా అంతే.

నా ఇంట్లో ఎప్పుడూ తిరుగుతూ ఉండే సీసా గ్లెన్‌ఫార్క్లస్ 105. స్కాట్లాండ్‌లోని స్పేసైడ్ ప్రాంతంలో 1865 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉన్న డిస్టిలరీ ఇది. పేరులోని 105 పాత బ్రిటిష్ ప్రూఫ్ కొలత, అంటే నేటి లెక్కలో 60 శాతం. షెర్రీ (స్పెయిన్ వైన్) నిల్వ చేసిన పీపాల నుంచి వచ్చే ఎండుద్రాక్ష, నారింజ తొక్క, లవంగం వాసనలు ఇందులో స్పష్టంగా తెలుస్తాయి. ఏ సీసా తెరిచినా కొద్దిపాటి తేడాతో అదే రుచి. నీళ్లు ఎంత కలిపినా రుచి చెదరదు. 46 శాతానికి దించినా నిలబడుతుంది. ఘాటు మాత్రం ఉంది. నీళ్లు లేకుండా తాగితే ముక్కు కాస్త మండుతుంది. బడ్జెట్ సీసాగా నా మొదటి సిఫారసు ఇదే.

అబర్‌లౌర్ అబూనా కూడా షెర్రీదే. ఒలొరోసో అనే రకం షెర్రీ పీపాల్లో పెరిగి, బ్యాచ్ నంబరుతో, వయసు చెప్పకుండా వస్తుంది. 105 కన్నా ముదురు రుచి: ఖర్జూరం, కోకో, మసాలా చెక్కల వెచ్చదనం. కానీ బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ తేడా కనిపిస్తుంది. కొన్నింట్లో పండు ముందుకొస్తుంది, కొన్నింట్లో చెక్క. ఎవరి దగ్గరైనా ఆ బ్యాచ్ రుచి చూసే వీలుంటే చూసి కొనండి. వీలు లేకపోయినా నిరాశపరిచే సీసా కాదు.

పొగ వాసన ఇష్టపడేవారికి లఫ్రోయిగ్ 10 కాస్క్ స్ట్రెంగ్త్. 2009 నుంచి బ్యాచ్ నంబర్లతో వస్తోంది. స్కాట్లాండ్‌లోని ఐలా దీవి విస్కీల్లోని అయొడిన్, తడి బూడిద, ఉప్పుగాలి వాసనలకు బర్బన్ (అమెరికా మొక్కజొన్న విస్కీ) పీపాల వనిల్లా తీపి తోడవుతుంది. మామూలు 10 ఏళ్ల లఫ్రోయిగ్ తాగినవారు దీన్ని తాగితే ఒక్క గుక్కలోనే తేడా పట్టేస్తారు. వేడి వాతావరణపు విస్కీ కావాలనుకుంటే 61.8 శాతం అమృత్ కాస్క్ స్ట్రెంగ్త్ ఉంది. బెంగళూరు వేడిలో పీపా నుంచి ఏటా పదో వంతు వరకు ఆవిరైపోతుంది. స్కాట్లాండ్‌లో ఇది సుమారు 2 శాతమే. అదే వేడి వల్ల కొద్ది ఏళ్లకే చెక్క రుచి గాఢంగా పడుతుంది. ఇలాంటి విస్కీల విషయంలో వయసు చూసి వెనకాడటం అర్థం లేని పని.

ఇక సింగిల్ కాస్క్. వీటిలో కొన్ని నేను తాగిన అత్యుత్తమ విస్కీలు, కొన్ని మళ్లీ ముట్టుకోవాలనిపించనివి. ఒక స్వతంత్ర బాట్లర్ (డిస్టిలరీల నుంచి పీపాలు కొని తన పేరుతో సీసాల్లో నింపి అమ్మే సంస్థ) నుంచి కొన్న సీసా మొదటి నెల నుంచి అడుగంటే దాకా చెక్క వగరు తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. లేబుల్ మీద మాత్రం వివరాలకు కొదవ లేదు. ఇందుకు విరుద్ధంగా, బెన్‌రిన్నెస్ డిస్టిలరీకి చెందిన ఒక రీఫిల్ (అంతకుముందే విస్కీకి వాడిన) హాగ్స్‌హెడ్ పీపా సీసా పచ్చి ఆపిల్, తేనె, మిరియాల రుచులతో నెలల తరబడి అలరించింది. అది అయిపోయాక అలాంటిదే ఇంకొకటి దొరకలేదు. దొరకదు కూడా. ఆ పీపాలోని సరుకు అంతటితో సరి.

అందుకే సింగిల్ కాస్క్ కొనేముందు లేబుల్‌ను ఓపికగా చదువుతాను. పీపా నంబరు, స్వేదనం చేసిన తేదీ, సీసాకెక్కించిన తేదీ, మొత్తం సీసాల సంఖ్య, పీపా రకం ఉండాలి. సీసాల సంఖ్య చాలా విషయాలు చెబుతుంది. హాగ్స్‌హెడ్ పీపాలో సుమారు 250 లీటర్లు పడుతుంది. ఏటా 2 శాతం పోగా పదేళ్లకు 200 లీటర్లకు కాస్త పైగా మిగులుతుంది, అంటే 290 సీసాల దరిదాపు. 200 లీటర్ల బర్బన్ పీపా నుంచి 230 వరకు, 500 లీటర్ల షెర్రీ బట్ నుంచి 580 వరకు వస్తాయి. పీపాను ఇద్దరు పంచుకుంటే సంఖ్య తగ్గవచ్చు, కానీ హాగ్స్‌హెడ్ అని రాసి 500 సీసాలు చూపిస్తే ఆ లేబుల్‌ను నేను నమ్మను. శాతాన్నీ ఇలాగే చూస్తాను. స్కాట్లాండ్‌లో చాలావరకు 63.5 శాతం దగ్గర పీపా నింపుతారు, ఏళ్లు గడిచేకొద్దీ అది నెమ్మదిగా దిగుతుంది. కాబట్టి పాత స్కాచ్ 50 శాతం దగ్గరుంటే అది లోపం కాదు. అమెరికాలోని కెంటకీ పొడి గోదాముల్లో నీళ్లే ఎక్కువగా ఆవిరై శాతం పెరగవచ్చు. బర్బన్‌కు ఈ లెక్క పనికిరాదు.

తక్కువ ధరకు మంచి సింగిల్ కాస్క్ కావాలంటే పేరున్న డిస్టిలరీల షెర్రీ పీపాల వెంట పడకండి. ధరలు ఎక్కువగా ఎగబాకేది అక్కడే. లింక్‌వుడ్, బెన్‌రిన్నెస్, మానక్‌మోర్ వంటి డిస్టిలరీల సరుకు చాలావరకు బ్లెండెడ్ విస్కీల్లోకి పోతుంది. స్వతంత్ర బాట్లర్లు వీటి రీఫిల్ పీపాలను పది, పన్నెండేళ్ల వయసులో అందుబాటు ధరకే తెస్తుంటారు. పొగ కావాలంటే ఐలాకే చెందిన కోల్ ఈలా. ఎక్కువ వయసు మీద మనసుంటే ఇన్వర్‌గోర్డన్ లాంటి గ్రెయిన్ విస్కీ (గోధుమ, మొక్కజొన్న వంటి ధాన్యాలతో చేసేది) సింగిల్ కాస్క్‌లు. అదే వయసు మాల్ట్ (మొలకెత్తిన బార్లీ) విస్కీ కన్నా ఎంతో చవక, కొబ్బరి, మిఠాయి వాసనలతో మెత్తగా ఉంటాయి. ఒక్క పీపాదే కావాలన్న పట్టుదల లేకపోతే స్వతంత్ర బాట్లర్ సిగ్నటరీ వారి 100 ప్రూఫ్ వరుస చూడండి. అన్నీ 57.1 శాతమే, ధర కూడా భయపెట్టదు.

నీళ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ సీసాల విలువంతా అక్కడే బయటపడుతుంది. నేను 20 మిల్లీలీటర్లే పోసుకుంటాను. 60 శాతం విస్కీలో అది 40 శాతం విస్కీ 30 మిల్లీలీటర్లకు సమానం, ఈ సంగతి మరిచిపోకూడదు. ముందు నీళ్లు లేకుండా ఒక చిన్న గుక్క. తర్వాత 4 మిల్లీలీటర్లు, అంటే చెంచాకు కొంచెం తక్కువ నీళ్లు కలిపితే 50 శాతానికి దిగుతుంది. ఇంకో 2 కలిపితే 46 దగ్గరకు వస్తుంది. కలిపిన ప్రతిసారీ కొన్ని నిమిషాలు ఆగాలి. గ్లాసులో పలచని మబ్బు కమ్మితే కంగారు పడనక్కర్లేదు, వడకట్టని ఎస్టర్లు అలా కనిపిస్తాయి. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాలతో ఒక విషయం చూపించారు. పొగ వాసననిచ్చే గ్వయకాల్ అణువులు 45 శాతం వరకు ద్రవం ఉపరితలం దగ్గరే చేరి ఉంటాయి, 59 శాతం దాటితే ఆల్కహాల్ అణువుల మధ్య చిక్కుకుని లోపలికి పోతాయి. లఫ్రోయిగ్‌లో నీళ్లు పడగానే పొగ ఎందుకు విప్పారుతుందో దీన్ని చదివాక నాకు బోధపడింది. చెక్క వగరు ఎక్కువున్న సీసాలకు మాత్రం నీళ్లు తక్కువ కలపాలి, లేదంటే ఆ వగరే మిగులుతుంది. ఐస్ వద్దు. చలికి వాసనలు ముడుచుకుపోతాయి.

సింగిల్ కాస్క్‌ను నలుగురు కలిసి కొని పంచుకోవడం నాకు బాగా నచ్చిన పద్ధతి. ఒక సీసా డబ్బుతో నాలుగు పీపాలు రుచి చూడొచ్చు, పీపా బాగాలేకపోయినా నష్టం నాలుగో వంతే. రంగు చూసి మాత్రం ఏదీ నిర్ణయించకండి. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టం అనుమతిస్తుంది.

సీసా తెరిచాక నిలబెట్టే ఉంచాలి. ఇంత బలమైన ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. ఎండ తగలకూడదు. సగం కన్నా దిగువకు వచ్చాక చిన్న సీసాలోకి మారిస్తే గాలి తక్కువ తగులుతుంది. షెర్రీ విస్కీలు తెరిచాక నెలలు గడిచేకొద్దీ మెత్తబడి కొన్నిసార్లు మెరుగవుతాయి కూడా. పొగ విస్కీల్లో ముందుగా పోయేది పొగే. అందుకే రెండూ తెరిచి ఉంటే ముందు లఫ్రోయిగ్ ముగిస్తాను, 105ను ఆగనిస్తాను.