పాతకాపులా, కొత్త చేరికలా? 2025 సీజన్‌కి క్లెమ్సన్, ఎల్‌ఎస్‌యూల్లో ఏది మేలు?

క్లెమ్సన్, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) రెండూ అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ జట్లు, రెండింటికీ పేరు టైగర్సే. రెండూ తమ స్టేడియాన్ని డెత్ వ్యాలీ అనే పిలుచుకుంటాయి, ఆ పేరు మీద హక్కు మాదంటే మాదని అభిమానులు ఇప్పటికీ కొట్లాడుకుంటారు. 2020 జనవరిలో న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన జాతీయ ఫైనల్లో ఎల్‌ఎస్‌యూ 42–25తో క్లెమ్సన్‌ని ఓడించింది. ఇది 2025 ఆగస్టులో, సీజన్ మొదలవక ముందు వేసిన అంచనా, ఇందులో నిరుడు అంటే 2024. ఆగస్టు 30 శనివారం అక్కడి సమయం రాత్రి ఏడున్నరకి, సీజన్ మొదటి మ్యాచ్‌లోనే, క్లెమ్సన్ మైదానంలో ఎదురుపడుతున్నాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చూసేవాళ్ళకి ఆదివారం తెల్లవారుజామున 5 గంటలు. ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ) ప్రీసీజన్ ర్యాంకుల పట్టికలో క్లెమ్సన్ 4, ఎల్‌ఎస్‌యూ 9.

ఆ ర్యాంకుల్ని పక్కన పెట్టండి. అసలు తేడా జట్టు కట్టిన తీరులో ఉంది. ఐపీఎల్ భాషలో చెప్పాలంటే క్లెమ్సన్ కోచ్ డాబో స్వీనీ రిటెన్షన్ల మనిషి. హైస్కూల్ నుంచి తెచ్చుకున్న పిల్లల్ని మూడు నాలుగేళ్ళు పెంచి ఆడిస్తాడు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే ఆటగాళ్ళు ఒక కాలేజీ వదిలి మరో కాలేజీకి మారే దారి, అందరికీ బార్లా తెరిచినా 2024లో ఆయన అందులోంచి ఒక్కరినీ తీసుకోలేదు. ఈసారి పట్టు కాస్త సడలించాడు. పర్డ్యూ నుంచి డిఫెన్సివ్ ఎండ్ (డిఫెన్స్ లైన్ అంచున నిలబడేవాడు) విల్ హెల్డ్ట్, సౌత్‌ఈస్ట్ మిస్సోరీ స్టేట్ నుంచి పొడగరి రిసీవర్ (పాస్ అందుకునేవాడు) ట్రిస్టన్ స్మిత్, అలబామా నుంచి లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ లైన్ వెనక కాచేవాడు) జెరెమయ అలెగ్జాండర్ వచ్చారు. 2025 సీజన్ మొదట్లో ఎల్‌ఎస్‌యూ కోచ్‌గా ఉన్న బ్రయన్ కెల్లీ మాత్రం పూర్తిగా వేలం గదిలోనే కూర్చున్నాడు. డిసెంబర్, ఏప్రిల్ కిటికీల్లో కలిపి పదిహేను మందికి పైగా తెచ్చుకున్నాడు.

ఈ రెండింట్లో ఏది మేలు అని అడిగితే చాలామంది పాతవాళ్ళు ఎంతమంది, కొత్తవాళ్ళు ఎంతమంది అని తలలు లెక్కపెడతారు. ఆ లెక్క సగమే చెబుతుంది. కొత్తవాడు ఏ స్థానంలోకి వచ్చాడన్నది అంతకన్నా ముఖ్యం. కార్నర్‌బ్యాక్ (ఎదుటి రిసీవర్‌ని కాచేవాడు), రిసీవర్, కిక్ రిటర్నర్ (కిక్ కొట్టిన బంతి పట్టుకుని పరిగెత్తేవాడు), అంచున నిలబడి క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) మీదికి ఉరికేవాడు: వీళ్ళ పని ఎక్కువగా ఒంటరి పని. ఎక్కడ నేర్చుకున్నా అదే పని, వారంలో కుదురుకుంటారు. క్వార్టర్‌బ్యాక్‌ని కాచే ఐదుగురు (మధ్యలో సెంటర్, అటూ ఇటూ గార్డ్‌లు, చివర్లలో టాకిల్‌లు) ఒకే ఒంట్లా కదలాల్సిన అఫెన్సివ్ లైన్‌లో కొత్తదనానికి ఖరీదు ఎక్కువ, ఆ ఖరీదు సెప్టెంబర్‌లోనే కట్టాలి.

ముందు ఎల్‌ఎస్‌యూ లైన్ సంగతి

నిరుడు ఆడిన ఐదుగురిలో నలుగురు వెళ్ళిపోయారు. లెఫ్ట్ టాకిల్ విల్ క్యాంప్‌బెల్‌ని ప్రొఫెషనల్ జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ళని ప్రొఫెషనల్ జట్లు వరసగా ఎంచుకునే చోట) 4వ స్థానంలోనే తీసుకుంది. ఎమరీ జోన్స్, మైల్స్ ఫ్రేజియర్, గ్యారెట్ డెలింజర్ కూడా డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యారు. నిరుడు సెంటర్‌గా ఆడిన డీజే చెస్టర్ ఒక్కడే మిగిలాడు, ఇప్పుడు ఆ స్థానం కూడా వర్జీనియా టెక్ నుంచి వచ్చిన బ్రేలిన్ మూర్‌ది. గార్డ్‌గా నార్త్‌వెస్టర్న్ నుంచి జోష్ థాంప్సన్ వచ్చాడు.

ఇందులో ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, బంతి కదలకముందు సెంటర్ ఎదుటి లైన్‌బ్యాకర్లలో ఒకడిని వేలితో చూపించి ‘మైక్’ అని అరుస్తాడు. మిగతా లెక్కంతా ఆ వేలి దగ్గర్నుంచే మొదలు: ఎవరు ఎవరిని పట్టాలి, లైన్ ఎటు జరగాలి, రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) ఎవరికి అడ్డం పడాలి. బంతి కదిలాక ఎదుటివాళ్ళు స్టంట్ వేస్తారు. లోపలివాడు బయటికి, బయటివాడు లోపలికి కత్తెరలా దాటుకుంటారు. అప్పుడు గార్డ్, టాకిల్ తమ మనుషుల్ని ఒకరికొకరు అప్పగించుకోవాలి. ఏడాది పాటు పక్కపక్కన నిలబడ్డవాళ్ళకి భుజం తగిలితే చాలు, మాట అక్కర్లేదు. కొత్తవాళ్ళు ఒకడి వెంట ఇద్దరూ పోతారు. రెండోవాడు నేరుగా క్వార్టర్‌బ్యాక్ ఛాతీ మీద తేలతాడు.

దీనికి తోడు క్లెమ్సన్ స్టేడియంలో 81,500 మంది పడతారు. అరుపు వినపడదు కాబట్టి సైలెంట్ కౌంట్ పెట్టుకోవాలి. క్వార్టర్‌బ్యాక్ కాలు ఎత్తుతాడు, వెనక్కి చూస్తున్న గార్డ్ సెంటర్‌ని తడతాడు, సెంటర్ ఒక తాళం ఆగి బంతి అందిస్తాడు. ఆ ఆగడం ప్రతిసారీ ఒకే నిడివి ఉంటే రెండో క్వార్టర్‌కల్లా ఎదుటి ఎండ్‌లు పసిగట్టేసి బంతితో పాటే లేస్తారు. టాకిల్ బంతిని పక్క చూపుతో చూస్తూ ఉంటాడు గనక ఎప్పుడూ ఒక క్షణం వెనకే. భయపడి ముందే కదిలితే ఫాల్స్ స్టార్ట్, 5 గజాల శిక్ష. థర్డ్ డౌన్‌లో (10 గజాలకి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) 3 గజాలు కావలసింది కాస్తా 8 అవుతుంది. కోచ్ నుంచి హెల్మెట్‌లోకి వచ్చే రేడియో, ప్లే క్లాక్ (బంతి కదిలించడానికి ఇచ్చే గడువు) 15 సెకన్లకు రాగానే తెగిపోతుంది, ఆ తర్వాత సర్దుకోవాల్సింది ఆటగాళ్ళే.

ఈ లైన్ మీద పడేది మామూలు జట్టు కాదు. టీజే పార్కర్‌కి నిరుడు 11 సాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడేయడాలు). లోపల పీటర్ వుడ్స్ ఒక్కడే ఇద్దరికి పని పెడతాడు. అవతలి అంచుకి హెల్డ్ట్ వచ్చాడు. క్లెమ్సన్ తెచ్చుకున్న ముగ్గురిలో అందరికన్నా విలువైన చేరిక ఇతనే, పైన చెప్పిన ‘ఒంటరి పని’ లెక్కకీ సరిపోతాడు.

ఎల్‌ఎస్‌యూ పక్షాన ఒక మాట చెప్పాలి. ఆ నలుగురూ ఉన్నప్పుడు కూడా నిరుడు జట్టు పరుగు ఆట నీరసమే, మ్యాచ్‌కి 116 గజాల దగ్గర ఆగిపోయింది. పాత లైన్ పాస్‌ని కాచింది తప్ప ఎదుటివాళ్ళని నెట్టలేదు. కాబట్టి పరుగులో పోయేది పెద్దగా లేదు. కేడెన్ డర్హమ్ లాంటి చురుకైన బ్యాక్‌కి మూర్, థాంప్సన్ మధ్యలో కాస్త సందు చేసి ఇవ్వగలిగితే నిరుటికన్నా మెరుగే. బెంగంతా పాస్ దగ్గర.

క్వార్టర్‌బ్యాక్‌లు

ఇక్కడ ఇద్దరూ పాతకాపులే, పోలిక సూటిగా ఉంటుంది. క్లెమ్సన్ కేడ్ క్లబ్నిక్: 3,639 గజాలు, 36 టచ్‌డౌన్ పాస్‌లు, 6 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్ళ చేతిలో పడ్డ పాస్‌లు). దానికి తోడు సొంత కాళ్ళ మీద 463 గజాలు, 7 టచ్‌డౌన్లు. ఎల్‌ఎస్‌యూ గ్యారెట్ నస్‌మైయర్: 4,052 గజాలు, 29 టచ్‌డౌన్లు, 12 ఇంటర్‌సెప్షన్లు. చేతి బలంలో, ఇరుకు సందులోకి బంతి దూర్చడంలో నస్‌మైయర్ ఒక మెట్టు పైనే. కానీ అతని ధైర్యం క్యాంప్‌బెల్, జోన్స్ కాపలాలో పెరిగిన ధైర్యం. ఆ కాపలా మారిన ఏడాది 12 అన్న అంకె తగ్గుతుందని నమ్మడం కష్టం. క్లబ్నిక్ ఒత్తిడి వస్తే పరిగెత్తి 6 గజాలు తెచ్చుకుంటాడు. చూడ్డానికి గొప్పగా ఉండదు, డ్రైవ్ (బంతి తమ చేతిలో ఉన్నంతసేపటి దాడి) మాత్రం బతుకుతుంది.

క్లెమ్సన్ బలహీనత పాత జట్టు అన్న మాట వెనక దాక్కుంటుంది

నిరుడు వెయ్యి గజాలు దాటిన ఫిల్ మాఫా వెళ్ళిపోయాడు. అతని చోటికి వస్తున్న ఆడమ్ రాండల్ పుట్టుకతో రిసీవర్, నిరుటి సీజన్ చివర్లో బ్యాక్‌గా మారాడు. గట్టి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, బంతి పట్టుకుంటే భయం లేదు. సందేహం బంతి లేనప్పటి పని మీద. లైన్‌బ్యాకర్ బ్లిట్జ్‌కి (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకడానికి) వస్తే ఎవరిని ఆపాలో, ఎక్కడ నిలబడాలో బ్యాక్‌కి కొన్నేళ్ళకి గానీ పట్టుబడదు. అది తప్పితే క్లబ్నిక్ వీపు ఖాళీ. ఇంకొక బ్యాక్ గిడియన్ డేవిడ్సన్ ఇప్పుడే హైస్కూల్ దాటి వచ్చినవాడు. ఒక్క గజం కావలసిన చోట ఎవరికి ఇస్తారన్న ప్రశ్నకి ఆగస్టులో జవాబు లేదు.

రెండోది డిఫెన్స్. మనుషులు పాతవాళ్ళే, పద్ధతి కొత్తది. డిఫెన్స్ కోచ్ వెస్ గుడ్విన్‌ని పంపేసి పెన్ స్టేట్ నుంచి టామ్ అలెన్‌ని తెచ్చారు. కారణం దాచేదేమీ కాదు. ప్లేఆఫ్‌లో టెక్సస్ 38–24తో గెలిచిన రాత్రి పరుగు మీదే 292 గజాలు తీసింది. అంతకు ముందు సౌత్ కరోలైనా క్వార్టర్‌బ్యాక్ లనోరిస్ సెల్లర్స్ ఒక్కడే 166 గజాలు పరిగెత్తి 17–14తో మ్యాచ్ లాక్కుపోయాడు. ఇలాంటివి బలం లేక రావు. ప్రతి లైన్‌బ్యాకర్‌కి కాపలా కాయాల్సిన సందు ఒకటి ఉంటుంది. ఒకడు బంతి వైపు ఆశపడి పక్క సందులోకి దూరితే వాడి సందు తెరుచుకుంటుంది, అందరికన్నా వెనక కాచే సేఫ్టీ కూడా పట్టుకోలేకపోతే 40 గజాలు. అలెన్ దూకుడు మనిషి, ముందుకు పంపిస్తాడు. ఆ పాఠం ఒంటబట్టే దాకా ఒకటి రెండు పెద్ద పాస్‌లు వెనక్కి జారడం ఖాయం.

ఎల్‌ఎస్‌యూలో ఇదే తిరగేసి ఉంది. డిఫెన్స్ కోఆర్డినేటర్ బ్లేక్ బేకర్‌కి ఇది రెండో ఏడు, పాఠం పాతది, విద్యార్థులు కొత్త. వర్జీనియా టెక్ నుంచి కార్నర్ మన్సూర్ డిలేన్, హ్యూస్టన్ నుంచి సేఫ్టీ ఏజే హాల్సీ, ఫ్లోరిడా స్టేట్ నుంచి పాట్రిక్ పేటన్, ఫ్లోరిడా నుంచి జాక్ పైబర్న్. దాదాపు అన్నీ ఒంటరి పని చేసే స్థానాలే, అందుకే ఈ కొనుగోళ్ళు తెలివైనవి. లైన్‌బ్యాకర్లలో విట్ వీక్స్, మోకాలి గాయంతో నిరుడు సీజన్ మొదట్లోనే ఆగిపోయిన హెరాల్డ్ పర్కిన్స్ మళ్ళీ వస్తున్నారు. నిజం చెప్పాలంటే రెండు జట్ల పోర్టల్ పనిలో అన్నిటికన్నా బాగున్నది ఈ డిఫెన్సే. క్లెమ్సన్ రిసీవర్లు ఆంటోనియో విలియమ్స్, బ్రయంట్ వెస్కో, టీజే మూర్ ముగ్గురినీ ఒంటరిగా కాయగల కార్నర్ దొరికితే బేకర్ ఇంకో మనిషిని ముందుకు పంపగలడు. రాండల్‌కి పరీక్ష అక్కడ మొదలవుతుంది.

రిసీవర్లలో కూడా కెల్లీ బాగానే ఖర్చుపెట్టాడు. కెంటకీ నుంచి వచ్చిన బేరియన్ బ్రౌన్ కిక్‌ఆఫ్ రిటర్న్‌లకి పెట్టింది పేరు. ఓక్లహోమా నుంచి వచ్చిన నిక్ ఆండర్సన్ 2023లో 10 టచ్‌డౌన్లు చేశాడు, 2024 మాత్రం గాయాలకే పోయింది. ఉన్నవాడు ఆరన్ ఆండర్సన్ నమ్మకస్తుడు.

మొదటి మ్యాచ్ జబ్బు

ఎల్‌ఎస్‌యూ 2020 నుంచి వరసగా ఐదు సీజన్లు మొదటి మ్యాచ్ ఓడింది. అందులో చివరి మూడు కెల్లీ ఖాతావి: 2022లో ఫ్లోరిడా స్టేట్ చేతిలో 24–23, మరుసటి ఏడు వాళ్ళ చేతిలోనే 45–24, 2024లో యూఎస్‌సీ చేతిలో 27–20. మొదటిదానిలో గడియారం అయిపోయాక కొట్టిన ఎక్స్‌ట్రా పాయింట్ (టచ్‌డౌన్ తర్వాతి కిక్) ని ఎదుటివాళ్ళు అడ్డుకున్నారు. శాపం అంటారు అభిమానులు. ఇందులో శాపమేం లేదు. కొత్త లైన్, కొత్త స్పెషల్ టీమ్స్ (కిక్‌ల సమయంలో దిగేవాళ్ళు) ఆగస్టులో తమలో తాము ఆడుకుని నేర్చుకునేదానికి హద్దుంది. అయితే క్లెమ్సన్ కూడా నిరుడు ఇదే వారంలో జార్జియా చేతిలో 34–3తో చిత్తయిందని మరవకూడదు.

షెడ్యూల్ చూస్తే తక్కెడ ఒరుగుతుంది

క్లెమ్సన్‌కి ఎల్‌ఎస్‌యూ తర్వాత నిజంగా చెమట పట్టించేవి సెప్టెంబర్ 13న జార్జియా టెక్ మైదానం, అక్టోబర్ 18న ఇంటి దగ్గర ఎస్‌ఎంయూ, నవంబర్ 14న లూయివిల్ ప్రయాణం, 29న సౌత్ కరోలైనా. జార్జియా టెక్ క్వార్టర్‌బ్యాక్ హేన్స్ కింగ్ కాళ్ళతో ఆడేవాడు, సెల్లర్స్ తరహా గాయాన్నే రేపగలడు. అందుకే అలెన్ పని మీద మొదటి తీర్పు నా లెక్కలో ఆరోజే. ఎల్‌ఎస్‌యూకి ఓలే మిస్, వాండర్‌బిల్ట్, అలబామా, ఓక్లహోమా అన్నీ బయటే, ఇంట్లో ఫ్లోరిడా, టెక్సస్ ఏ అండ్ ఎం. ఇందులో రెండు మూడు ఓటములు తప్పించుకోవడం ఎవరికైనా కష్టం. 12 జట్ల ప్లేఆఫ్‌లో ఐదు చోట్లు కాన్ఫరెన్స్ (జట్లు తమలో తాము ఆడుకునే గుంపు) విజేతలవి. తన కాన్ఫరెన్స్ ఏసీసీ గెలిస్తే క్లెమ్సన్‌కి ఎల్‌ఎస్‌యూ చేతిలో ఓడినా దారి మూసుకుపోదు, నిరుడు మూడు ఓటములతోనే అలా వెళ్ళింది. ఎల్‌ఎస్‌యూ ఆడే ఎస్‌ఈసీలో నిరుడు మూడు ఓడిన అలబామా బయటే ఉండిపోయింది.

అందుకని సీజన్ మొత్తానికి ఒకటే చెప్పమంటే క్లెమ్సన్. ఆ ఒక్క రాత్రికి మాత్రం అంత ధీమా లేదు. ఎల్‌ఎస్‌యూ డిఫెన్స్ మొదటి రోజునుంచే పనిచేసే సరుకు, క్లెమ్సన్ పరుగు ఆట మొదటి రోజుకి తయారయ్యే సరుకు కాదు. స్కోరు పెద్దదైతే క్లబ్నిక్ వైపు, ఇరవై లోపు నలిగితే ఎల్‌ఎస్‌యూ వైపు చూడండి. అక్టోబర్ చివరికి ఎల్‌ఎస్‌యూ లైన్ కుదిరిందంటే అప్పుడు ఈ పోలిక మళ్ళీ మొదటి నుంచి రాయాలి.

తెల్లవారుజామున లేచి చూసేవాళ్ళు మొదటి మూడు డ్రైవ్‌లలో బంతి వెంట కళ్ళు పోనివ్వకండి. ఎల్‌ఎస్‌యూ బంతితో ఉన్నప్పుడు కుడి టాకిల్‌ని చూడండి: పార్కర్ కన్నా ముందు కదులుతున్నాడా, వెనకా. క్లెమ్సన్‌కి ఒక్క గజం కావలసి వచ్చినప్పుడు బంతి రాండల్ చేతికి వెళ్తోందా, క్లబ్నిక్ తానే దూరుతున్నాడా గమనించండి. రెండోదే జరుగుతుంటే బ్యాక్‌ల మీద స్వీనీకే ఇంకా నమ్మకం కుదరలేదన్నమాట.